కడియం అత్తగారి సాక్ష్యం

దొరబాబు రాజమండ్రిలో పేరున్న వకీలు. ఆ పేరు ఇంటి గేటు మీద, కారు వెనకద్దం మీద, రెండు ఆటోల మీద ఉంది. ఆటోలవాళ్లిద్దరూ ఆయన క్లయింట్లే. తాగి బండి నడిపిన కేసంటే ఊళ్లో ఎవరైనా ముందు ఆయన ఇంటి దారే చూపిస్తారు. "నా దగ్గరికి తూలుకుంటూ వస్తారు, తిన్నగా నడిచి వెళ్తారు" అని ఆయనే చెప్పుకునేవాడు. అలా చెప్పుకునేటప్పుడు తనే కాస్త తూలుతుండేవాడు కాబట్టి ఆ మాటకి నవ్వు బాగా పండేది.

పొద్దున్నే స్నానం, విభూతి, పెసరట్టు. కోర్టున్న రోజైతే, బీరువాలో లా పుస్తకాల వెనక దాచిన సీసాలోంచి ఒక గుక్క. దాన్ని ఆయన ధైర్యం అనేవాడు. చిన్న కేసుకి చిన్న ధైర్యం, పెద్ద కేసుకి పెద్దది. ఆ పైన నాలుగు యాలక్కాయలు నమిలి, కోటు చంకన పెట్టుకుని కారెక్కేవాడు. పోలీసులు ఏ రోజు ఏ మలుపులో నిలబడతారో ఆయనకి తెలుసు. వాళ్లలో సగం మందిని బోనెక్కించి ప్రశ్నలడిగినవాడాయె.

భార్య సత్యకుమారి గేటు తీసి పట్టుకునేది. "యాలక్కాయల వాసన వీధి చివరిదాకా వస్తోందండీ" అనేది. అంతే. ఇంకేమీ అనేది కాదు. ఆవిడ ఇంకేమైనా అంటే దొరబాబు గట్టిగా వాదించి గెలిచేవాడే. అనకపోవడంతో ఆ ఒక్క కేసూ అలా ఏళ్ల తరబడి వాయిదా పడుతూనే ఉంది.

ఎండలు ముదిరిన రోజుల్లో కడియం నుంచి తలుపులమ్మ వచ్చింది. ఆవిడకి అక్కడ పెద్ద నర్సరీ ఉంది. ఆవిడ మొక్కలు లారీలెక్కి ఒడిశా దాకా, ఢిల్లీ దాకా వెళ్తాయి. వెనకాలే ఆవిడ డ్రైవరు అమ్మిరాజు వచ్చాడు. చేతిలో ఖాళీ టిఫిన్ క్యారియరు. ఎందుకు తెచ్చాడో తెలీదు గాని, దాన్ని కింద పెట్టలేదు.

"మావాడి మీద తాగి నడిపాడని కేసు పెట్టారండి" అంది తలుపులమ్మ. "వీడు తాగడు."

"అందరూ అలాగే చెప్తారమ్మా. నేనూ అలాగే చెప్తాను" అన్నాడు దొరబాబు. "ఒప్పేసుకుంటే ఫైనుతో పోతుంది. లైసెన్సు కొన్నాళ్లు పక్కన పెడతారు."

"లైసెన్సు పక్కన పెడితే నన్నూ పక్కన పెట్టినట్టేనండి. నాకు లారీ తప్ప ఇంకోటి చేతకాదు" అన్నాడు అమ్మిరాజు. "అయినా తాగంది తాగానని ఎలా ఒప్పుకుంటానండీ?"

"మరి మిషన్ ఎందుకు కూసింది?"

అమ్మిరాజు క్యారియరు వైపు చూశాడు. "తరవాణి అండి."

జరిగింది ఇదీ. ఆ పొద్దున్న లోడెత్తుకుని హైవే ఎక్కేచోట పోలీసులు బళ్లన్నీ ఆపి ఊదిస్తున్నారు. ముందు పెద్ద వరస. ఆకలేసి అమ్మిరాజు క్యారియరు తీశాడు. వాళ్లావిడ కట్టిచ్చిన తరవాణి అన్నం. రాత్రంతా కుండలో పులిసి, ఎండాకాలం కాబట్టి ఇంకాస్త ఎక్కువే పులిసింది. అన్నం అయిపోయి, అడుగున పుల్లటి నీళ్లు మిగిలాయి. ఇంతలో ఎస్సై వచ్చి కిటికీ కొట్టాడు. పెద్దమనిషి ఎదురుగా నిలబడితే చేతిలో ఎంగిలి గిన్నెతో మాట్లాడటం మర్యాద కాదు, కట్టిచ్చిన తరవాణి పారబోస్తే ఆవిడ ఊరుకోదు. అందుకని అమ్మిరాజు ఆ నీళ్లు మొత్తం గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, వినయంగా మిషన్లోకి ఊదాడు. మిషన్ కూసింది.

"కాసేపాగి మళ్లీ ఊదించమనలేదా?"

"అడిగానండి. వెనకాల బళ్లాగిపోయాయి, పక్కకి తియ్యమన్నారు."

"రక్త పరీక్ష?"

"లేదండి."

దొరబాబుకి హుషారొచ్చింది. "ఇంకేం. సందేహం కింద కొట్టేయించేస్తాను."

"సందేహం కింద వద్దండి" అంది తలుపులమ్మ. "తాగలేదని తేలాలి. ఆ పొద్దున్న అత్తగారు వీణ్ని వదిలిందండి. ఇప్పుడు వీడు తాగాడంటే అత్తగారు అబద్ధమాడినట్టు కదా. రేపట్నుంచి మా డ్రైవర్లెవరైనా దాని మాట వింటారా?"

అత్తగారి సంగతి దొరబాబుకి తెలుసు. కడియం చుట్టుపక్కల అందరికీ తెలుసు. తలుపులమ్మ నర్సరీ గేటు దగ్గర సిమెంటు కుండీలో ఉన్న అత్తిపత్తి మొక్క అది. మామూలు అత్తిపత్తిలా చెయ్యి తగిలితే ముడుచుకోదు. గాలికి ముడుచుకోదు, మేక వచ్చి మొహం పెట్టినా ముడుచుకోదు. తాగి స్టీరింగ్ పట్టబోయేవాడు ఊదితే మాత్రం కొస నుంచి మొదలు దాకా ఆకులన్నీ ముడిచేసి, వాడు తేరుకునే దాకా తెరవదు. డ్రైవర్లు దానికి అత్తగారని పేరు పెట్టుకున్నారు. లోడెక్కాక, తాళ్లు బిగించాక, గేటు దగ్గర దిగి అత్తగారికి ఊదిగాని లారీ కదలదు. ముడుచుకుంటే తాళం తలుపులమ్మకిచ్చి, మామిడంట్ల నీడన పడుకుంటారు. లవంగాలు నమిలినా, పళ్లు తోముకున్నా దాన్ని మాయ చెయ్యలేరు. ఒకసారి ఒకడి చొక్కా మీద ఎవరో సీసా ఒంపేస్తే మొత్తం కంపు కొడుతున్నాడు, అయినా ఆకు కదపలేదు. దానికి నోటి వాసనతో పనిలేదు, బుర్ర సంగతే చూస్తుంది.

"ఇంకో మాటండి" అన్నాడు అమ్మిరాజు నసుగుతూ. "మీరు విడిపించారంటే... మా ఊళ్లో ఏమనుకుంటారంటే..."

"ఏమనుకుంటారు?"

"దొరబాబు గారు విడిపించారంటే తాగే ఉంటాడు అనుకుంటారండి."

దొరబాబు గట్టిగా నవ్వాడు. నవ్వుతుండగానే అది తన బోర్డు మీద రాయించుకోవలసిన మాటని తోచి, నవ్వు కాస్త ముందుగానే ఆపేశాడు. "మరి నా దగ్గరికెందుకొచ్చారయ్యా?"

"మిగతావాళ్లంతా ఒప్పేసుకోమంటున్నారండి" అంది తలుపులమ్మ. "మీరు తాగినోణ్నే తాగలేదని చూపిస్తారు కదా. తాగనోణ్ని చూపించడం మీకెంత పని?"

మర్నాడు సాక్షిని చూడ్డానికి దొరబాబు కడియం వెళ్లాడు. కారు గేటుకి చాలా దూరంలో ఆపేశాడు. తలుపులమ్మ దగ్గరికి రమ్మంటే, చేతిరుమాలు మూతికడ్డం పెట్టుకుని, "దుమ్మమ్మా, నాకు పడదు" అన్నాడు. అప్పుడే నీళ్లు చల్లి ఉన్నారు, దుమ్మన్నది లేదు. ఆవిడ ఏమీ అనలేదు. ఈ ఆడవాళ్లందరూ ఏమీ అనకుండా ఉండటం ఎక్కడ నేర్చుకుంటారో ఆయనకి అర్థం కాలేదు.

కేసు విచారణ రోజు ఆయన తీసుకున్న ధైర్యం పెద్దదే. కుండీని అమ్మిరాజు మోసుకొచ్చి కోర్టు హాల్లో బల్ల మీద పెట్టాడు. బెంచి గుమస్తా కలమెత్తి, "దీన్ని వస్తువని రాయాలాండీ, సాక్షని రాయాలా?" అనడిగాడు.

మేజిస్ట్రేటు గారు కళ్లజోడు సవరించుకున్నారు. ఆవిడ పెరట్లో మందారాలన్నీ కడియంవే. "కుండీ వస్తువు. మొక్క సాక్షి. రాయండి."

దొరబాబు ఎస్సైని నాలుగు ప్రశ్నలడిగాడు. మళ్లీ ఊదించారా? లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారా? లేదు. మిషన్ సరిచూసిన సర్టిఫికెట్టుందా? స్టేషన్లో ఉంటుందండి. ఎప్పటిది? ఉంటుందండి.

తర్వాత అమ్మిరాజు వచ్చి మొక్కకి ఊదాడు. ఆకులు పచ్చగా, వెడల్పుగా, అలాగే ఉన్నాయి. ఆ పొద్దున్న కూడా ఇలాగే ఉన్నాయని తలుపులమ్మ చెప్పింది.

ప్రభుత్వం తరఫు వకీలు విజయ్ పాల్ లేచాడు. నెమ్మదైన మనిషి, నెమ్మదిగానే గుచ్చుతాడు. "మొక్క మీద నాకు గౌరవమే మేడమ్. మా ఇంట్లో కూడా వీళ్ల గులాబీలున్నాయి. కానీ వయసైపోయి ఇది ముడుచుకోవడం మానేసిందేమో. మా మిషన్‌కి సర్టిఫికెట్ లేదంటున్నారు దొరబాబు గారు. మరి వాళ్ల మొక్కకుందాండీ?"

కోర్టులో గుసగుసలు. మేజిస్ట్రేటు గారు తలూపారు. "అడగవలసిన మాటే. ఇవాళ ఇది పనిచేస్తోందని ఎలా నమ్మమంటారు? ఎవరైనా తాగినవాళ్లు వచ్చి ఊదితే తెలుస్తుంది."

ఆ మాటతో హాలంతా అరడుగు వెనక్కి జరిగింది. ముందు వరసలో ఒకాయన చెప్పు వెతుక్కోవడానికి వంగి ఇక లేవలేదు. గుమస్తా తన కాగితాల్లోకి తలదూర్చాడు. ఒక సీనియరు వకీలుకి ఉన్నట్టుండి పక్క కోర్టులో కేసుందని గుర్తొచ్చింది.

"ఎవరూ లేకపోతే" అన్నారు మేజిస్ట్రేటు గారు, "సాక్షి మాట పక్కన పెట్టి, మిగతా సందేహాల కింద కొట్టేస్తాను. దొరబాబు గారూ, మీకు చాలు కదా?"

చాలు. ఏ రోజైనా అది చాలు. అలా గెలిచిన కేసులతోనే ఆయన ఇల్లు కట్టాడు. దొరబాబు 'చాలండి' అనబోయి, అమ్మిరాజు వైపు చూశాడు. అమ్మిరాజు తల దించుకుని ఉన్నాడు. గెలిచినవాడిలా లేడు. ఇంటికెళ్లాక తనని ఎలా చూస్తారో అప్పుడే చూసేస్తున్నవాడిలా ఉన్నాడు. తలుపులమ్మ మొక్కని చూస్తోంది, గేటు దగ్గర ఇక పనిలేని ముసలావిణ్ని చూసినట్టు.

దొరబాబు జేబులోంచి చేతిరుమాలు తీశాడు. అలవాటుగా మూతి దాకా తీసుకెళ్లి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఒక్క నిమిషం మేడమ్" అని బల్ల దగ్గరికి నడిచి, కుండీ మీదకి వంగి, నిండుగా ఊపిరి వదిలాడు.

ముందు యాలక్కాయల వాసన వచ్చింది. తర్వాత కొస రెమ్మ ముడుచుకుంది. దాని పక్కది ముడుచుకుంది. ఒక్కో ఆకూ దణ్నం పెడుతున్నట్టు మూసుకుంటూ మూసుకుంటూ, మొక్క మొత్తం కుండీలోకి వాలిపోయింది. తన డ్రైవర్లలో ఎవరికీ అంతలా ముడుచుకోలేదని తలుపులమ్మ తర్వాత చెప్పింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరికి వచ్చింది గాని, దగ్గులోకి మార్చుకున్నారు.

"ఇదండీ మేడమ్ మా సర్టిఫికెట్టు" అన్నాడు దొరబాబు. ధైర్యం సీసాలోదని ఇన్నాళ్లూ అనుకున్నాడు గాని, ఇది ఆ సరుకులా లేదు.

విజయ్ పాల్ మొక్కని చూశాడు, దొరబాబుని చూశాడు. "నాకింకేం ప్రశ్నల్లేవండి" అని మెల్లగా కూర్చున్నాడు.

మేజిస్ట్రేటు గారు తీర్పు రాశారు. సందేహం అన్న మాట ఎక్కడా రాయలేదు. అమ్మిరాజు తాగలేదు అని రాశారు, పోలీసులు తీసుకున్న లైసెన్సు తిరిగిమ్మన్నారు. కలం మూత పెట్టాక అడిగారు.

"దొరబాబు గారూ, ఇవాళ కారు ఎవరు నడుపుకొచ్చారు?"

దొరబాబు నోరు తెరిచి, మూసుకున్నాడు. ఆ కాసేపు ఆయన కూడా అత్తిపత్తే.

"నడుపుతుండగా ఎవరూ చూడలేదు. బండి ఆగాక పట్టుకుంటే నడిపినట్టు కాదని కిందటేడు వాదించి నన్ను ఒప్పించింది మీరే. అందుకని కేసు లేదు" అన్నారావిడ. "తాళం మాత్రం అమ్మిరాజు గారికివ్వండి."

దొరబాబు ఇచ్చేశాడు. లారీకి అలవాటుపడ్డ అమ్మిరాజు ఆ చిన్న కారుని పసిపిల్లని ఎత్తుకున్నంత జాగ్రత్తగా నడిపాడు. వెనక సీట్లో తలుపులమ్మ, ఆవిడ ఒళ్లో కుండీ.

"ఊళ్లో ఇప్పుడేమంటారోయ్?" అనడిగాడు దొరబాబు.

"నేను తాగలేదంటారండి." అమ్మిరాజు గేరు మార్చాడు. "మీ గురించి కూడా అంటారు లెండి."

"ఆ మాట నా బోర్డు మీద ఎప్పుడో రాయించుకోవలసిందే" అన్నాడు దొరబాబు. ఈసారి నవ్వు పూర్తిగా నవ్వాడు.

ఇంటి దగ్గర దిగేటప్పుడు తలుపులమ్మ అత్తగారి మొదట్లోంచి వేరుతో సహా ఒక చిన్న పిలక తీసి, మట్టిముద్దతో ఆయన చేతిలో పెట్టింది. సత్యకుమారి గేటు తీసి పట్టుకుని ఉంది. కారు ఎవరు నడిపారో చూసింది, భర్త చేతిలో ఏముందో చూసింది. లోపలికెళ్లి పాత పచ్చడి జాడీ ఒకటి తెచ్చి, మట్టి పోసి, పిలక నాటి, కారు నిలిపేచోట గోడ మీద పెట్టింది.

మర్నాడు దొరబాబు ఊదాడు. ముడుచుకుంది. ఆటోలో కోర్టుకెళ్లాడు, వెనకాల తన పేరే ఉన్న ఆటోలో. ఆ పైన వారం కూడా చాలాసార్లు ఆటోలోనే వెళ్లాడు. ఒకరోజు బీరువాలో లా పుస్తకాలు సర్దుతుండగా వాటి వెనక చోటు ఖాళీగా కనిపించింది. సీసా తనే తీశాడో, సత్యకుమారి తీసిందో ఆయనకి కచ్చితంగా గుర్తులేదు. అడగలేదు. ఇప్పుడు ఏమీ అనకుండా ఉండటం ఆయన వంతు.

తొలకరి పడ్డ ఒక పొద్దున్న, పెద్ద కేసున్న రోజు, గోడ దగ్గర వంగి ఊదాడు. పిలక నాలుగు రెమ్మలేసి ఉంది. ఒక్కటీ కదల్లేదు.

సత్యకుమారి గేటు తీసింది. దొరబాబు కారెక్కి, జేబులో చెయ్యి పెట్టి, అలవాటైన యాలక్కాయ ఒకటి తీశాడు. నోట్లో వేసుకుని కొరికాడు. ఇన్నేళ్లుగా నములుతున్నాడు గాని, అది ఇంత తియ్యగా ఉంటుందని ఆయనకి ఆ రోజే తెలిసింది.