ఒక్క సైకిల్, ఇద్దరి బరువు

రజితది, నాది పదేండ్ల సోపతి. గట్టు హైస్కూల్ల ఆరో తరగతిల ఒక్క బెంచీ మీద కూసున్నం. తర్వాత ఇంటరుకు, డిగ్రీకి గద్వాలకు గూడ ఒక్క బస్సుల్నే పోయినం. రజిత వాళ్లకు నాలుగెకరాల నేల ఉండె, పత్తి విత్తనం పంట ఏస్తుండిరి. మా అమ్మనాయినలు ఏడాదిల ఎనిమిది నెల్లు బెంగుళూరుల కట్టడం పనులకు పోతుండిరి. వాళ్లు లేనప్పుడు నేను మా నాయినమ్మ కాడ పండుకుంటుంటి గాని అన్నం ఎక్కువ రజిత వాళ్లింట్లనే తింటుంటి. వాళ్లమ్మ జములమ్మను నేను చిన్నమ్మా అని పిలుస్తుంటి. కంచం పెట్టేటప్పుడు ఆమె "నిరోషా, రజితా" అని రెండు పేర్లు కలిపి పిలుస్తుండె.

మేం డిగ్రీ రెండో ఏడుల ఉన్నప్పుడు ఇస్రాయేలు సారు ఆ సైకిల్ తెచ్చిండు. సారు మా బడిల ఆటలు నేర్పేటాయన. వయసుల ఉన్నప్పుడు హైదరాబాదుల సైకిల్ పందేలకు పోయినోడు. అప్పటి సోపతిగాడు ఒకాయన తొక్కుడు మానుకొని, తన సైకిల్ సారుకు ఇచ్చిండట. "నా మోకాళ్లు పోయినయి. మీరిద్దరు తొక్కుండ్రి," అన్నడు సారు.

మాకు తెలిసిన సైకిళ్ల లెక్క లేదు అది. మోటరు సైకిల్‌కు ఉన్నట్టు ముందర షాకులు, సీటు కింద ఎనక ఇంకో షాకు. వాటిల స్ప్రింగులు లేవు, గాలే. తొక్కేటోళ్ల బరువును బట్టి చిన్న పంపుతోని గాలి కొట్టాలె. నేను నలభై నాలుగు కిలోలు, రజిత యాభై ఎనిమిది. ఎనక షాకుకు పంపు మీటరు నాకు తొంభై, ఆమెకు నూట ముప్పై చూపియ్యాలె. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేటప్పుడు గాలి తీసుడో కొట్టుడో చేసుకోవాలె. మొదట్ల చిరాకనిపించేది. తర్వాత కాళ్లకు చెప్పులు ఏసుకున్నంత అలవాటైపోయింది.

గుట్ట ఎనక గొర్లు పోయే బాట ఒకటి ఉన్నది. అంత బండలే. మామూలు సైకిల్ మీద దిగితే పండ్లు టకటక కొట్టుకుంటయి, చేతులు మొద్దుబారుతయి. ఈ సైకిల్ మీద మొదటిసారి దిగిన పొద్దు నాకు మంచిగ యాదికున్నది. రాళ్లు ఎక్కడియి అక్కడనే ఉన్నయి, గాని వాటి మీద ఎవరో గొంగడి పరిచినట్టుండె. కిందికొచ్చినంక నాకు నవ్వు ఆగలేదు. రజిత సైకిల్ గుంజుకొని మళ్ల పైకి నూకుకుంట పోయింది. ఆ దినం పన్నెండు సార్లు దిగినం.

ఎక్కుడు నాది, దిగుడు ఆమెది. చడావు మీద నేను ఊపిరి పట్టుకొని సన్నగ తొక్కుకుంట పోతుంటి. దిగుట్ల రజితను ఎవరూ పట్టలేకపోయేది. నాకు పెద్ద రాతిగుండ్లను చూస్తే భయం. ఆమెనే నేర్పింది. "చూపు గుండు మీద పెట్టకే. పక్కపొంటి సందు ఉంటది గద, దాని మీద పెట్టు. నువ్వు యాడ చూస్తే సైకిల్ గాడికే పోతది." నేను దిగుతుంటే పక్కన బండల మీద పడుకుంట లేసుకుంట ఉరికేది, నేను పడితే పట్టుకుందామని.

నిరుడు ఆగస్టుల అమ్రాబాద్ దగ్గర, అడవి అంచున, రాష్ట్రం జట్టుకు ఎంపిక పెట్టిండ్రు. ముగ్గురు ఆడపిల్లలను తీసుకొని దేశం పోటీలకు పంపుతరట. అందరు ఒక్కసారి పోరు, ఒకరెనక ఒకరిని ఇడుస్తరు, ఎవరి టైము వాళ్లది. అందుకే ఒక్క సైకిల్‌తోని ఇద్దరం పోవచ్చని సారు ముందుగాలనే అడిగి ఒప్పించిండు. నా నంబరు నాలుగు, రజితది పదమూడు.

పత్తి చేన్లల్ల క్రాసింగు పని నడిచే దినాలవి. మాపటికి మొగ్గలు ఒలిచి పెట్టాలె, పొద్దుగాల వాటికి మగపువ్వు పుప్పొడి అద్దాలె. ఒక్క దినం తప్పినా ఆ పూలు పోయినట్టే. అయినా చిన్నమ్మ, "రెండు దినాలు నేను ఎట్లనో చూసుకుంట, పొండ్రి," అని జొన్న రొట్టెలు కట్టిచ్చింది. ఒక ట్రాలీల సైకిల్ కట్టుకొని సారుతోని ముగ్గురం వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదికెళ్లి పోయినం. తొవ్వ పొడుగూత రజిత నన్ను నవ్విచ్చుకుంటనే ఉన్నది.

పందెం దినం పొద్దుగాల వాన పడి ఎలిసింది. ఎర్రమట్టి జారుతుండె. నేను ఎప్పుడు తొక్కనంత మంచిగ తొక్కిన. చడావుల ఒకామెను దాటిన. దిగుట్ల రజిత చెప్పినట్టు సందుల మీదనే చూపు పెట్టి దిగిన. గీత దాటినంక కిందనే కూలవడ్డ. నేను మూడో జాగల ఉన్ననని సారు వచ్చి చెప్పిండు. ఇంకా తొమ్మిది మంది టైములు రావాలె.

ఒక్కొక్కరే పోయి వస్తున్నరు. నా జాగ కదలలేదు. పన్నెండో పిల్లను ఇడిసేటప్పటికి నేను సైకిల్ నంబరు పలక మార్చిన. ముందర షాకులల్ల గాలి కొట్టిన. ఎనక షాకుకు పంపు పెడితే మర సక్కగ పట్టలేదు, పంపు గాలి సుయ్యిమని బయటికే పోయింది. మళ్ల పెట్టిన. నా చేతులకు బురద. మైకుల పదమూడో నంబరు పిలిచిండ్రు. రజిత తలకాయకు టోపీ బిగిచ్చుకుంట వచ్చి సైకిల్ పట్టుకున్నది.

"ఎనక గాలి కొట్టినవా?"

"కొట్టిన," అన్న.

నోట్ల నుంచి అదే వచ్చింది. మీటరు చూస్తే తొంభై మీదనే ఉన్నదని నాకు తెలుసు. ఇంకో నిమిషం ఆగమంటే అయిపోయేది. నేను ఆగమనలేదు. ఆమె నా భుజం మీద ఒక్కటి చరిచి పోయింది. పంపు నా సంచిల ఏసుకున్న.

చడావు కాడ కనవడ్డది. సీటు మీద కిందికి కుంగినట్టు కూసున్నది. చెట్ల ఎనకకు పోయింది. సగం దూరంల ఆమె టైము నా కంటె తక్కువున్నదని ఎవరో అన్నరు. తర్వాత చానసేపు ఏం కనవడలేదు. అవతల దిక్కు నుంచి ఈల ఊదిండ్రు. సారు ఉరికిండు, ఆయన ఎనక నేను.

పెద్ద బండ మీదికెళ్లి దిగినప్పుడు ఎనక షాకు అడుగంట కుంగి, పెడలు రాయికి తగిలింది. సైకిల్ ఆడనే ఆగింది, ఆమె ముందరికి పోయి పడ్డది. కుడి చెయ్యి ఆమె కిందనే ఉన్నది. ముఖం తెల్లగ అయ్యింది. ఏడుస్తలేదు. నన్ను చూసి, "సైకిల్‌కు ఏం కాలేదు గద," అన్నది.

ట్రాలీల దవాఖానకు పోయేటప్పుడు ఆమె తలకాయ నా ఒళ్లె పెట్టుకున్న. గుంత వచ్చినప్పుడల్ల పండ్లు కొరుకుతుండె. నాగర్‌కర్నూల్ దగ్గరికి వచ్చినంక కండ్లు తెరిచి, "నీ పేరు వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది."

"మంచిగైంది. ఒక్కరమన్నా పోతం," అన్నది.

మణికట్టు ఎముక నాలుగు ముక్కలైంది. ఆపరేషన్ చేసి పట్టీలు ఏసిండ్రు. అతుకుతది గాని మునుపటి లెక్క తిరగదని డాక్టరు చెప్పిండు. నేను రెండు దినాలు దవాఖానల ఉండి గట్టుకు వచ్చిన. మళ్ల పోలేదు.

సారు సైకిల్‌ను బడికి తెచ్చి చూసిండు. నన్ను పిలిచి, "ఎనక ఎంత కొట్టినవ్ బిడ్డా?" అన్నడు.

"నూట ముప్పై సార్."

"మీటరు తొంభై చూపిస్తుంది. లీకైనట్టున్నది," అన్నడు. షాకు ఊడదీసి బకెట్ నీళ్లల్ల ముంచిండు. బుడగలు రాలేదు. తెల్లారి మళ్ల ముంచిండు. మూడు దినాలు చూసిండు. యాడ పోతుందో దొరకక, లోపలి రబ్బరు రింగులన్నీ మార్చిండు. "నేనే చూసుకోవాల్సింది. పిల్లల మీద ఇడిసిపెట్టిన," అని నాతోనే అన్నడు. నేను బకెట్ పట్టుకొని పక్కనే నిలవడ్డ.

రజిత ఇంటికొచ్చినంక చిన్నమ్మ రెండుసార్లు కబురు పంపింది. నేను ప్రాక్టీసున్నదని చెప్పిన. ఆ ఏడు వాళ్ల చేన్ల సగం పూలు వట్టిగ పోయినయని ఊర్ల అనుకుంటుంటే ఇన్న. క్రాసింగుకు రెండు వేళ్ల కొసలు సక్కగ పనిచెయ్యాలె. రజిత ఎడమ చేత్తోని చేసి చూసిందట, మొగ్గలు తెగిపోతున్నయట. ఆమె నుంచి మొదట్ల రోజు ఫోను వచ్చేది. తర్వాత వారానికి ఒకసారి. దసరా తర్వాత రాలేదు.

జనవరిల, పోటీలకు ఇంకా వారం ఉన్నదనంగ, రజిత వాళ్లింటికి పోయిన. ఇంటి ముందల ఎండల కూసొని రబ్బరు బంతి పిసుకుతున్నది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. చిన్నమ్మ లోపల ఉన్నది. నేను ఆమె పక్కన కూసొని, మెల్లగ చెప్పిన. పంపు పట్టకపోవుడు, పిలుపు వచ్చుడు, నేను కొట్టిన అనుడు, అంత.

రజిత బంతి పిసుకుడు ఆపలేదు. బంతిని చూసుకుంటనే అన్నది. "సీటు మీద కూసోంగనే తెలిసింది నాకు. ఎనక కుంగింది."

"మరి ఎందుకు పోయినవే?"

"నువ్వు కొట్టిన అన్నవు గద. నా ఒంటికి ఒకటి తెలుస్తుంది, నువ్వు ఇంకొకటి చెప్పినవ్. నాదే అనుమానమనుకున్న."

ఆమె మళ్ల అన్నది. "పడ్డంక గూడ మరిచిపోయి ఉంటవనుకున్న. హడావుడిల ఎవరైనా మరుస్తరు. నువ్వు వస్తవు, మరిచిపోయిననే అంటవు, అయిపోతదనుకున్న. నెల చూసిన. రెండు నెల్లు చూసిన. అప్పుడు సమజైంది, నువ్వు మరిచిపోలేదని."

"నాకు భయమైంది రజితా."

"అప్పుడు నీ మనసుల ఏముండె? నేను నీ కంటె ముందు వస్తనని ఉండెనా?"

లేదని చెప్తామనుకున్న. ఐదు నెల్ల సంది ఆ మాటే నాకు నేను చెప్పుకుంటున్న. గాని ఆమె కండ్లల్లకు చూసి, "తెల్వదు," అన్న. అదే నిజం. ఇప్పటికీ నాకు తెల్వదు.

"తెల్వకపోతే ఎట్లనే," అన్నది. కోపంగ అనలేదు. ఇంత సేపు మెల్లగనే మాట్లాడింది, ఈ మాట ఇంకా మెల్లగ అన్నది.

"నేను పోటీకి పోను. సారుకు చెప్పేస్త."

"పోకపోతే నా చెయ్యి వాపస్ వస్తదా? పో. సారుకు మాత్రం చెప్పు, పాపం ఆయన తననే తిట్టుకుంటుండు. అమ్మకు చెప్పకు. నువ్వంటే పానం ఆమెకు. తట్టుకోదు."

అంతలనే చిన్నమ్మ బయటికి వచ్చింది. ఇన్ని దినాలు రానందుకు నన్ను తిట్టింది, చెంపలు ముట్టి చూసి చిక్కిపోయినవన్నది. అన్నం తినంది పోనియ్యలేదు. ముగ్గురం కూసున్నం. రజిత ఎడమ చేత్తోని చెంచా పట్టుకొని తింటున్నది. చిన్నమ్మ ఆమె కంచంల రొట్టె తుంచి ఏసి, నా కంచంల ఇంకో గంటె పప్పు ఏసింది.

ఆ మాపటికే సారుకు చెప్పిన. ఆయన ఇని, బకెట్ ఉన్న మూల దిక్కు చూసిండు. తిట్టలేదు. "ఒక్క నిమిషం లేటుగ ఇడవమని నేనే అడుగుదును గద బిడ్డా," అన్నడు. అంతే.

పోటీకి పోయిన. మహారాష్ట్రల, గుట్టల నడుమ. మొదటి చడావుల ఏడో జాగల ఉన్న. దిగుడు మొదలైన కాడ ఒక పెద్ద బండ వచ్చింది. బ్రేకు పట్టి నిలవడ్డ. ఎనకొచ్చేటోళ్లు అరుచుకుంట పక్క నుంచి పోయిండ్రు. సందు కనవడుతనే ఉన్నది, గాని కాళ్లు పెడళ్ల మీదికి పోలేదు. సైకిల్ దిగి నూకుకుంట నడిచిన. ముప్పై ఎనిమిదో దాన్నై వచ్చిన. గట్టుకొచ్చి సైకిల్ సారుకు అప్పజెప్పిన. దాన్ని ఇప్పుడు గద్వాల నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు తొక్కుతున్నరు. ఒక్కరు దిగినప్పుడల్ల సారే సొంతంగ మీటరు చూసి గాలి కొడుతడు.

పోయిన నెల గద్వాల బస్టాండుల రజిత కనవడ్డది. విత్తనాల కంపెనీ ఆఫీసుల పని చేస్తున్నదట, ఎడమ చేత్తోని రాసుడు నేర్చుకున్నదట. తనే దగ్గరికొచ్చి మాట్లాడింది. "మీ అమ్మనాయినలు మంచిగున్నరా? నాయినమ్మకు కండ్లు ఎట్లున్నయి?" అన్నీ అడిగింది. పెండ్లిల కలిసిన చుట్టపామె అడిగినట్టు అడిగింది. నన్ను ఒక్కసారి గూడ "ఏమే" అనలేదు. నేను చిన్నమ్మ గురించి అడిగిన. బాగనే ఉన్నదన్నది.

గట్టు బస్సు వచ్చింది. "పోతున్న మల్ల," అని ఎక్కి, అవతల కిటికీ కాడ కూసున్నది. నేను పోవాల్సిన బస్సు గూడ అదే. ఆమె పక్క సీటు ఖాళీగనే ఉన్నది. కండక్టరు, "వస్తవా అమ్మా?" అని అడిగిండు. రానని తలకాయ ఊపిన. ఇంకో గంటకు వచ్చిన బస్సుకు ఇంటికి పోయిన.