ఉత్తరాల తీగకు గుచ్చని మాట

నేను ఒక ఉత్తరాల తీగను. మూరెడు ఇనుప ఊచ, అడుగున అరచేతంత చెక్క బిళ్ళ, పైన వంచిన కొక్కెం. కాగితాన్ని నడుమ పొడిచి కిందికి లాగితే బిళ్ళ మీద కూర్చుంటుంది. ఎవరో ప్రేమగా రాసిన మాటల మధ్య నుంచి దూసుకుపోవడం నా వృత్తి. వాళ్ళ మీద నాకు కోపమేమీ లేదు. పొడిస్తేనే నాకు చదవడం కుదురుతుంది.

అనకాపల్లిలో ఒక కమ్మరి బొక్కెనకు పిడి వేయగా మిగిలిన ఊచతో నన్ను చేశాడు. బొక్కెన నూతిలోకి పోయింది, నేను సత్తార్ సాహెబు దర్జీ దుకాణానికి పోయాను. అక్కడ కొలతల చీటీలు మోసేదాన్ని. మనుషులు కొలత ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. సత్తార్ సాహెబు చూసీ చూడనట్టు రెండంగుళాలు కలిపి రాసేవాడు. చొక్కా తొడుక్కున్నాక వాళ్ళు మెచ్చుకునేది దర్జీని కాదు, తమ పొట్టను.

అక్కడికే బొత్తాలు కుట్టే పనికి వచ్చాడు కోరాడ జయశీలరావు. పదకొండు రోజులు చేశాడు. పన్నెండో రోజున ఒక ప్లీడరుగారి కోటు తిరగేసి పట్టుకుని బొత్తాలన్నీ వీపు మీద కుట్టాడు. ప్లీడరు మండిపడి వెళ్ళిపోయాక సత్తార్ సాహెబు కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"జయశీలా, నీకు సూది వద్దు నాయనా. ఇంత నవ్వొచ్చేలా పని పాడుచెయ్యడం అందరికీ రాదు. ఇవన్నీ రాయి. రాస్తే ఉత్తరాలొస్తాయి, ఇదుంచుకో" అని నన్ను అతని చేతిలో పెట్టాడు.

అలా నేను జయశీలరావు ఇంట్లో కిటికీ ఊచకు వేలాడాను. అతను చెయ్యని పని లేదు, నిలిచిన పనీ లేదు. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని చదివింపులు చదివాడు. నాటకాల వాళ్ళకు తెర వెనక నుంచి మాటలందించాడు. కొబ్బరిచెట్లు లెక్కపెట్టే ఉద్యోగంలో ఒకే చెట్టును మూడుసార్లు లెక్కపెట్టాడు. ఇల్లు నడిపింది మాత్రం అతని భార్య ఎస్తేరమ్మ. సర్కారు ఆసుపత్రిలో నర్సు. ఈ కొలువుల కథలన్నీ 'కొన్నాళ్ళు చేశాను' అనే శీర్షికతో ఒక వారపత్రికలో రావడం మొదలయ్యాక సత్తార్ సాహెబు మాట నిజమైంది. ఉత్తరాలు వచ్చిపడ్డాయి.

వాటిని నాకు గుచ్చేది ఎస్తేరమ్మే. ఇంజెక్షన్లు చేసే చెయ్యి గనక ఒక్క పోటుతో పని అయిపోయేది. డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగుతూ, పైకి చదివి మరీ గుచ్చేది. "మీ చదివింపుల వ్యాసం మా ఆయన పైకి చదువుతుంటే విని పొయ్యి మీద అన్నం మాడ్చాను. ఆ పూట అటుకులు తిన్నాం. దీనికి మీదే బాధ్యత" అని ఉయ్యూరు నుంచి ఒకావిడ. "కొబ్బరిచెట్ల లెక్క తప్పని మా శాఖ తరఫున ఖండిస్తున్నాను. అయితే చాలా నవ్వాను" అని ఒక రిటైర్డు ఉద్యోగి. పార్వతీపురం నుంచి ఒక మాస్టారు ప్రతి వ్యాసంలోనూ తప్పులు ఎర్రసిరాతో దిద్ది, చివర మార్కులు వేసి పంపేవాడు. ఎప్పుడూ ముప్ఫై అయిదు దాటలేదు.

ఈ ఉత్సాహంలో పత్రికవాళ్ళు జయశీలరావును విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటలుకు భోజనానికి పంపారు. తిని వచ్చి ఏమైనా రాయమన్నారు. రాశాడు. పళ్ళెం గుమ్మటమంత ఉంటే అందులో కూర గుమ్మటం మీద వాలిన పిట్టంత ఉందట. సూప్ చల్లగా తెచ్చారట, వేడి చేసి తెమ్మంటే తాటిచెట్టు మింగినట్టు నిటారుగా నడిచే ఒక వెయిటరు కుతకుతలాడేది తెచ్చి, తన ఇంగ్లీషు తనకే అడ్డం పడి, జయశీలరావు తెల్లచొక్కా మీద ఒలికించాడట.

ఆ వారం నా మీద చోటు చాల్లేదు. అందరూ ఆ వెయిటరు గురించే. "తాటిచెట్టును తలుచుకుని బస్సులో నవ్వితే కండక్టరు పిచ్చివాణ్ణనుకున్నాడు" అని ఒకరు. మాస్టారు నలభై రెండు వేశాడు. జయశీలరావు ఆ కార్డును ముగ్గురికి చూపించాడు.

ఆ వ్యాసం వచ్చిన ఎనిమిది వారాలకు ఒక కవరు వచ్చింది. జయశీలరావు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం ఎస్తేరమ్మ వచ్చింది.

"ఇవాళ నాలుగొచ్చాయని పోస్టుమాన్ చెప్పాడు. ఇక్కడ మూడే ఉన్నాయి."

"అది మామూలుదేలే."

"మామూలుదైతే మీ మొహం అలా ఎందుకుంది? ఇలా ఇవ్వండి."

ఆమె పైకే చదివింది. "రచయిత గారికి నమస్కారాలు. నేను మీకు వడ్డించిన వెయిటరును. పేరు గొర్లె అప్పలసూరి. మీ వ్యాసాలు మొదటి నుంచీ కత్తిరించి దాచుకున్నాను. పత్రికలో ఫొటో చూసి ఉన్నాను గనక మీరు రాగానే గుర్తుపట్టి, సముద్రం కనబడే బల్ల ఇచ్చాను. ఆ సూప్ చల్లగానే తాగేది. అయినా మీరు అడిగారని వేడి చేయించాను. రుమాలు మెడకు కట్టుకోబోయి మోచేత్తో గిన్నె పడదోసింది మీరే. తుడిచింది నేను. మా మేనేజరు మీ వ్యాసం చదివి నన్ను హాల్లోంచి తీసి గిన్నెలు కడిగే చోట వేశారు. ఎనిమిది వారాలైంది. మీరు నవ్వించడానికే రాశారని నాకు తెలుసు. నేనూ సగం దాకా నవ్వాను."

ఎస్తేరమ్మ కాగితం దించింది. "ఒలికించింది ఎవరు?"

"నేనే."

"మరి అలా ఎందుకు రాశారు?"

"నేను ఒలికించానంటే మామూలుగా ఉంది. అతనంటే నవ్వొచ్చింది."

"నాకూ వచ్చింది. నలుగురు నర్సులకు చదివి వినిపించాను. ఇప్పుడా నవ్వంతా ఎక్కడ పెట్టుకోమంటారు?"

ఆమె ఆ ఉత్తరాన్ని నాకు గుచ్చలేదు. అతని కంచం పక్కన పెట్టింది. మర్నాడు రెండు పూటలూ అది అక్కడే ఉంది.

ఆ మర్నాడు జయశీలరావు పొద్దున్నే విశాఖ బస్సెక్కాడు. సూప్ ఒలికించింది తానేనని చెబితే మేనేజరు మర్యాదగా కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "అచ్చులో వచ్చింది సార్. మా అతిథులు చదివారు. మీరు వచ్చి నోటితో చెబితే వాళ్ళకెలా వినబడుతుంది?" అన్నాడట. పత్రికకు ఫోను చేస్తే సంపాదకుడు, "హాస్యానికి సవరణేంటండీ! ఇప్పుడు నిజం చెబితే మీ కొబ్బరిచెట్లు కూడా ఎవరూ నమ్మరు. శీర్షికే పోతుంది" అన్నాడు.

అతనికి జీవితంలో నిలిచిన పని ఆ శీర్షిక ఒక్కటే. వారం రోజులు బల్ల ముందు కూర్చుని కాగితాలు నలిపాడు. చివరికి రాశాడు. 'కొన్నాళ్ళు చేశాను: అబద్ధం' అని పేరు పెట్టాడు. ఎనిమిది వారాల పాటు తాను చేసిన ఉద్యోగం అది అని, అన్ని పనుల్లోకీ తేలికైనది అదేనని, పొరపాటు చెయ్యకుండా చేసింది కూడా అదొక్కటేనని రాశాడు. రుమాలు, మోచెయ్యి, గిన్నె అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. తుడిచినవాడి పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. 'ఇది వెయ్యకపోతే ఇంకేదీ పంపను' అని కింద చిన్న చీటీ అంటించాడు. వేశారు.

నేను ఉత్తరాల కోసం భయపడుతూ ఎదురుచూశాను. వచ్చాయి. "నవ్వు రాలేదు" అని పదకొండు మంది. "కొబ్బరిచెట్లూ అబద్ధమేనా? నిజం చెప్పండి, మనసు ఆగడం లేదు" అని రిటైర్డు ఉద్యోగి. ఉయ్యూరావిడ మాత్రం "అన్నం మాడలేదు. కానీ మా ఆయన చదవడం అయ్యాక కాసేపు కూర్చుండిపోయాడు" అని రాసింది. మాస్టారు తప్పులు దిద్దాడు గానీ మార్కులు వెయ్యలేదు. శీర్షిక పోలేదు.

విశాఖలో ఏమైందంటే, భోజనానికి వచ్చినవాళ్ళు "అప్పలసూరి ఎవరు? అతనే వడ్డించాలి" అని అడగడం మొదలెట్టారు. మేనేజరు అతణ్ణి గిన్నెల దగ్గర నుంచి పిలిపించి మళ్ళీ కోటు తొడిగించాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం అప్పలసూరి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. జయశీలరావు రెండు ఉత్తరాలు రాసి పిలిస్తే వచ్చాడు. పొట్టి మనిషి. నిటారుగా నడుస్తాడు, నిజమే. ఎస్తేరమ్మ కోడికూర, చారు వండింది. పీట వేసి కూర్చోబెట్టి జయశీలరావు తానే వడ్డించాడు. ఆ వడ్డనలో క్షమాపణ ఎంత దట్టంగా ఉందంటే అన్నం కనబడనంత.

తిన్నాక అప్పలసూరి చెయ్యి తుడుచుకుని, "ఒక మాట సెప్పొచ్చాండి?" అన్నాడు.

"చెప్పు నాయనా."

"మీరు నా మీద రెండుసార్లు రాసినారు. మొదటిసారి దద్దమ్మని సేసినారు. రెండోసారి దేవుణ్ణి సేసీసినారు. రెండూ నాను కాదండి. ఆ రోజు మీరు సూప్ సల్లగుందన్నారా? నాను బుద్ధిగా తలూపి లోనకెల్లి, వంటోళ్ళందరికీ మీలా సేసి సూపించినాను. పడీ పడీ నవ్వినారు. గిన్నెల కాడున్నన్నాళ్ళూ రోజూ అదే ఆట. అడిగి మరీ సేయించుకునేవోళ్ళు."

జయశీలరావు మెల్లగా, "ఎలా చేశావు?" అన్నాడు.

అప్పలసూరి లేచాడు. తువ్వాలు తీసుకుని, అది రుమాలో, పైపంచో, తలపాగో తేల్చుకోలేనట్టు నాలుగు వైపులా తిప్పి చూశాడు. చెంచాలున్నట్టుగా ఒక్కొక్కటి ముట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని కళ్ళు తిప్పాడు. సూప్ నోట్లో పెట్టుకుని, పెద్దమనిషిలా మింగి, "ఇది ఆరిపోయిందయ్యా" అన్నాడు. అచ్చం జయశీలరావు గొంతే.

ఎస్తేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. గోడకు ఆనుకుని జారి కింద కూర్చుంది. జయశీలరావు కాసేపు బిగుసుకుని చూశాడు. ఆపైన అతని భుజాలు కదిలాయి, పొట్ట కదిలింది, చివరికి అప్పలసూరి భుజం పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో అతను అంతగా నవ్వడం నేను చూడలేదు.

"అమ్మో, బాబూ," అంది ఎస్తేరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వు. తీగకు గుచ్చుకుంటాను."

"నాను రాయనమ్మా," అన్నాడు అప్పలసూరి. "రాస్తే సారు దాన్ని అచ్చేసీగల్రు. ఇది మా వంటింటిది."

"ఇంకోసారి చెయ్యి," అన్నాడు జయశీలరావు, మళ్ళీ పీట మీద కూర్చుంటూ. "ఆ రుమాలు దగ్గర్నుంచి."