కొర్లయ్య హద్దు

ఆశ్వయుజమాసము కడపటి దినములవి. వానకారు మేఘములు తొలగిపోవ నిర్మలమైన గగనతలము క్రింద నీలజలధి మెల్లమెల్లగా నూర్పులు విడుచుచుండెను. ప్రాభాతసమీరము తీరమున నారవేసిన వలలను గదల్చుచు నెండుచేపల వాసనను గుడిసెగుడిసెకును జేరవేయుచుండ కొబ్బరిమట్టల సందులనుండి దూరిన లేయెండ యిసుకపై చాఱలుచాఱలుగా బడుచుండెను. చూచువారి కన్నులకు విందే కాని యీ ఋతువున సముద్రుని మందహాసమును నమ్మరాదని కళింగతీరమున బుట్టిన పసిబిడ్డయు నెఱుఁగును. ఎఱుఁగవలసిన పెద్దలు కొందఱు మాత్రము పట్టణమున చల్లనిగదులలో గూర్చుండి యెఱుఁగనట్లు నటింతురు. వారు చేసిన ఘనకార్యమే యీ కథ గావున దీనిని మెత్తనిమాటలతో జెప్పుట నావలన గాదు.

ఆ తీరమున గుల్లపేటయను పల్లె కలదు. అందు గనగళ్ల యెల్లాజీయను మత్స్యకారుఁడు తమ్ముఁడగు కొర్లయ్యతో గూడి పడవపై వేఁటకు బోవుచుండ భార్య పోలమ్మ యొడ్డున జేపల నమ్ముచుండెను. ఇంటిపెత్తనము ముసలితల్లి దానమ్మది. పల్లెవెనుక మెట్టపై సెల్లుటవరు వెలసి చాలయేండ్లయ్యెను. తొలినాళ్లలో దాని తరంగము ముసలియెద్దువంటిది. ఒక్కబొమ్మ ఫోనులోనికి దిగునప్పటికి పొయ్యిమీఁది యెసరు మరిగి యన్న ముడికెడిది. ఐనను మనుష్యుని మాటను మాత్ర మది సముద్రముపై బహుదూరము మోసికొనిపోయెడిది. తీరపుఁగొండ భుజము కంటికగపడునంతవఱకును ఫోను పలుకునని వేఁటకాండ్రు కనిపెట్టి దానినే హద్దుగా జేసికొనిరి.

ఆ హద్దునుండి యొక యాచారము పుట్టెను. వేఁటలోనున్న వానికి నొడ్డుననున్న యిల్లాలు ఊరక ఫోను చేయరాదు. తుపానుకబురు వచ్చినపుడో యింట నాపద గలిగినపుడో మాత్రమే చేయవలెను. తడిచేతులతో వలలాగు మగవాఁడు ఫోనును ప్లాస్టిక్కుసంచిలో జుట్టి సద్దిగిన్నె ప్రక్కనబెట్టి చెవియొగ్గి యుండును. మ్రోగిన నపాయము. మ్రోగకున్న క్షేమము. ఇంతకంటె మఱియొక లెక్క వారికి లేదు.

పిమ్మట కాలము మాఱెను. మూఁడవతరమని పాటలు వచ్చెను. నాల్గవతరమని పగలెల్ల జూచినను దరుగని వీడియోలు వచ్చెను. పడవ యొడ్డుజేరక మునుపే చేపల ఫొటోలు వ్యాపారుల యఱచేతులలోనికి బోవుటయు బేరమునకు దిట్టయగు పోలమ్మవంటివారు గంప ముందిడుకొని నోరు వెళ్లబెట్టుటయు సంభవించెను. చంటిబిడ్డ యేడ్చిన నుగ్గుగిన్నెకు బదులు ఫోను చేతికిచ్చు తల్లులును బయలుదేఱిరి. అంతలో నైదవతరము విచ్చేసెను. దానితోడ పాతతరంగ మాఁపబడెను. మీటలఫోనులన్నియు మూగవోయెను. చవుకధరకు గ్రొత్తఫోనులు పంచిపెట్టఁబడెను. ఎక్కువసరకు మోయు నీ క్రొత్తతరంగము దూరము నడువలేనిదనియు టవరుపైనున్న పెట్టెల ముఖములు జనులు వీడియోలు చూచు నిండ్లవైపునకు వంపఁబడెననియు నొక్కరును జెప్పలేదు. చెప్పవలెనని యొక్కనికిని దోఁపలేదు.

ప్రారంభోత్సవమునాఁడు పోలమ్మకు మాత్రము సందేహము గలిగెను. ఆమె గుంపును దోసికొనిపోయి పూలదండతో నిలిచియున్న ఫోనుసంస్థాధికారి నడిగెను.

“బాబూ, ఇది సముద్రం మీదకి ఎంత దూరం అందుతాది?”

“సముద్రంలో చేపలు వీడియోలు చూస్తాయా అమ్మా?” అని యాతఁడు చమత్కరించెను.

అందఱును విరగబడి నవ్విరి. ఎల్లాజీయు నవ్వెను. పోలమ్మయు సిగ్గుపడి నవ్వెను. ఆ నవ్వు తలంపునకు వచ్చినపుడెల్ల నా యొడలు మండును.

ఉత్సవము జరిగి వారమైనను గాలేదు. పైఁజెప్పిన యా ప్రసన్నప్రభాతమున నన్నదమ్ములు పడవను గెరటములు దాఁటించి కొండభుజము సన్నగా నగపడు తావునకు బోయి వల విడిచిరి. ప్రొద్దెక్కినపిమ్మట పోలమ్మ ఫోనులోనికి తుపానుహెచ్చరిక వచ్చెను. ఆహా యేమి వేగము! నడిసంద్రమున సుడితిరుగు మేఘమండలము రంగురంగుల చిత్రమై కనుఱెప్పపాటులో నామె యఱచేత నిలిచెను. ఆమె వెంటనే మగనికి ఫోను చేసెను. “మీరు కాల్ చేస్తున్న వ్యక్తి కవరేజ్ ఏరియాలో లేరు” అని యొక తీయనిగొంతు పలికెను. మరల జేసెను. మరల నదే గొంతు. నీటఁ గాళ్లు దిగి చేసెను. మెట్టయెక్కి టవరు మొదట నిలిచి చేసెను. వేయియామడల దూరపు వింతలన్నియు గ్రుమ్మరించు నా యంత్రము కొండకెదుటనున్న మగని చెవికి “వచ్చేయి” యను నొక్కమాట చేర్పలేక చచ్చెను. దగ్గఱలో వేఁటాడు పడవలన్నియు దిరిగివచ్చెను. ఎల్లాజీ పడవ రాలేదు.

అక్కడ సముద్రముపై దక్షిణదిక్కు నల్లబడుట కొర్లయ్య చూచెను.

“అన్నా, గాలి మారతంది. ఒడ్డుకెల్లిపోదాం.”

ఎల్లాజీ కొండవైపు చూచెను. భుజ మగపడుచుండెను. సంచిలో ఫోను నిశ్శబ్దముగా నుండెను.

“మీ వదిన పోను సెయ్యనేదురా. ఏటీ భయం నేదు. వల లాగేసి ఎల్దాం.”

ఆ వల లాగుట ముగియలేదు. గాలివాన మీఁదబడి పడవను దలక్రిందులు చేసెను. ఖాళీడబ్బాను గౌఁగిలించుకొని యెల్లాజీ మఱునాఁటికి ఒడ్డునబడెను. కొర్లయ్య శవమైనను దొరకలేదు. కన్నుదెఱచిన యెల్లాజీ భార్యను జూచి యడిగిన మొదటిమాట యిది.

“ఎందుకు పోను సెయ్యనేదే?”

“సేసినాను మావా. పొద్దల్లా సేస్తానే ఉన్నాను.”

“మరి మోగనేదేటి? కొండ అగుపడతంటే పోను మోగకుండా ఉంటాదేటి?”

దానమ్మ రొమ్ము బాదుకొనుచు వచ్చి కోడలి జుట్టు పట్టుకొనెను. “ఈడియోలు సూస్తా కూకుని నా గుంటడిని మింగీసినావు కదే!” అని శపించెను. పల్లె యా మాట నమ్మెను. ఏల నమ్మదు? తరతరముల యాచారము తప్పునా? ఒడ్డున నాల్గుగీతల సిగ్నలుతో పాటలుపాడు ఫోను సముద్రమున మూగదగునని యెవ్వఁడు నమ్మును? నింద మోయుటకు ఆఁడుదొకతె సిద్ధముగా నుండ టవరువంక దలయెత్తి చూచువాఁడెవ్వఁడు? ఎవరును పోలమ్మ చేపలు కొనరైరి. నీళ్లకొళాయికడ నామె బిందెను దొలఁగద్రోసిరి. మగఁ డామెతో మాటాడుట మానెను.

పెద్దకర్మమునాఁ డందఱును గూడియుండ పోలమ్మ చెంగు బిగించి లేచి మగనియెదుట నిలిచెను.

“నన్నా సోటుకి తీసుకెల్లు మావా. నా పోను నీ సేతిలో ఎట్టుకో. ఒడ్డుమీంచి మీ యమ్మనే సెయ్యమను. మోగితే నన్నక్కడే నీటిలోకి తోసేసి రా.”

కులపెద్ద యొకఁ డడ్డము వచ్చెను. “ఆడది పడవెక్కితే గంగమ్మకి కోపమొస్తాదే!”

“గంగమ్మ కోపం సూసినారు కదా. ఇప్పుడు నా కోపం సూడండి!” అని యామె యెరవుదెచ్చిన పడవలోనికి దుమికెను. ఎల్లాజీ యింజను ద్రిప్పెను.

కొండభుజము సన్నగా నగపడు నా తావునకు బోయి పడవ నిలిపిరి. ఎల్లాజీ ఫోనును సంచిలో జుట్టక యఱచేత బట్టుకొనెను. ప్రొద్దు జరుగుచుండెను. ఫోను మ్రోగలేదు. అతఁడు దానిని చెవికడబెట్టెను. పైకెత్తెను. తెరపై సిగ్నలు గీత లొక్కటియు లేవు. ఏనాఁడును జూడవలసిన పనిలేనిదానిని తొలిసారి చూచి యతని ముఖము పాలిపోయెను. పోలమ్మ “సూడు, బాగా సూడు” అని మాత్రమే పలికెను. పడవ వెనుదిరిగెను. సగముదూరము గడచినను ఫోను పలుకలేదు. ఒడ్డుననున్న యాఁడువారి చీరలరంగులు గుర్తింపఁదగినంత చేరువకు వచ్చినపిమ్మట నది గొల్లున మ్రోగెను.

“పొద్దున్నుంచీ సేస్తన్నాను కదరా! ఏలు నొప్పెడతన్నా సేస్తన్నాను. ఎవుత్తో ఏరియాలో నేరు నేరు అంటంది” అని దానమ్మ యఱచెను. “ఒరే ఎల్లాజీ, ఆ రోజు అదీ ఇలాగే సేసిందేట్రా?” అని యామె బావురుమనెను.

ఎల్లాజీ ఫోను జాఱవిడిచి భార్య కాళ్లపై బడెను. పోలమ్మ లేవనెత్తలేదు. ఓదార్పలేదు.

“ఏడుపు తరవాత. ఇంకో ఇంట్లో కొర్లయ్య సావకుండా ముందిక్కడ గురుతు పెట్టు” అనెను.

అతఁడు వలబెండునకు గఱ్ఱ గట్టి కఱ్ఱకు నల్లగుడ్డ చుట్టి రాతిలంగరుతో నచటనే విడిచెను. దానికి కొర్లయ్య హద్దని పేరువచ్చెను. ఆ హద్దు దాఁటినపిమ్మట మౌనమును నమ్మరాదని గుల్లపేట బిడ్డలకిప్పుడు నేర్పుచున్నారు. పల్లెవారు మొఱపెట్టుకొనఁగా సంస్థవా రొక రంగులపటమును పంపిరి. అందు కొండభుజ మగపడునంతవఱకు నీరెల్ల చక్కగా సిగ్నలందు చోటని యాకుపచ్చరంగు పూయఁబడియున్నది. ఆ రంగు పూసినవాఁ డొక్కమాఱు పడవయెక్కి రావలెనని పోలమ్మ నేఁటికిని నొడ్డున నిలిచి తిట్టుచున్నది. ఎవ్వఁడును రాలేదు.