ఆఖరి రీలుకు అసలు గొంతు

కాత్యాయనికి ఆ ఉదయం ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి? ఎనిమిది నెలలుగా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముప్ఫై అయిదేళ్ళ నాటి కొరియా సినిమాలోంచి గీరలూ బుసలూ చిటపటలూ ఒక్కొక్కటే ఏరి పారేసింది తాను. తీరా టైటిల్ కార్డు చూస్తే ‘శబ్ద పునరుద్ధరణ: సుధాకరరావు’ అని పడింది. ఈ సుధాకరరావు ఆమె మేనేజరు. మౌసు పట్టుకోవడం కాస్తో కూస్తో వచ్చు, మీటింగుల్లో మాట్లాడటం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

“కార్డు మీద ఒక్క పేరే పడుతుందమ్మా కాత్యాయనీ. ఇన్వెస్టర్లకి ఒక ఫేస్ కావాలి కదా. టీమ్ హెడ్ పేరుంటే నీ పేరున్నట్టే” అన్నాడు కాఫీ కలుపుకుంటూ.

ఆ కాఫీ ఆయన నెత్తిన పొయ్యాలనిపించింది. పొయ్యలేదు. ఆమె వర్క్ పాస్ ఆ కంపెనీ చేతిలో ఉంది. కంపెనీ వద్దంటే నెల తిరక్కుండా సింగపూర్ వదిలి పొమ్మంటారు. అది రెండు వేల సంవత్సరం. పేరు చివర ‘డాట్ కామ్’ తగిలించుకుంటే చాలు, చిన్న గదిలో నాలుగు కంప్యూటర్లున్న కంపెనీని కూడా జనం నెత్తిన పెట్టుకుంటున్నారు. వీళ్ళది ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో మూడో అంతస్తు. పాత ఆసియా సినిమాలను బాగుచేసి ఇంటర్నెట్లో పెడతామని బోర్డు కట్టుకున్నారు. ఆ ఏడు ఫిలిం ఫెస్టివల్లో వెయ్యబోయే పాత సినిమాకు శబ్దం బాగుచేసే పని పేరు కోసమని తలకెత్తుకున్నారు.

కాత్యాయనిది తెనాలి. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు డబ్బింగ్ థియేటర్లో అసిస్టెంటుగా చేసి, కంప్యూటర్ కోర్సొకటి చదివి ఇక్కడికి వచ్చింది. అందుకే ఈ పని ఆమె మెడకు చుట్టుకుంది.

కోపం దిగమింగుకుని ఆఖరి రీలు తెరిచింది. బొమ్మ బాగానే ఉంది, శబ్దం మాత్రం పూర్తిగా కుళ్ళిపోయింది. ఒట్టి హోరు తప్ప ఒక్క మాట లేదు. పడవల రేవు. ఒక ఆడమనిషి నిలబడి భర్తను సాగనంపుతోంది. కెమెరా నెమ్మదిగా ఆమె ముఖం మీదికి వెళ్ళింది. కన్నీళ్ళు చెంపల మీద కారుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగినట్టు సన్నటి గీత.

కాత్యాయని బొమ్మను అక్కడే ఆపి గుడ్లప్పగించి చూసింది. ఆ కనుబొమ్మను తను రోజూ పొద్దున్నే వంటింట్లో చూస్తుంది.

బిషాన్‌లో ఆమె అద్దెకుంటున్న గది మిసెస్ లిమ్ అనే కొరియా ఆవిడది. అరవై రెండేళ్ళ విధవరాలు. భర్త లిమ్ సింగపూర్ వాడే, ఓడలకు సరుకులు వేసే వ్యాపారి, పోయి పన్నెండేళ్ళయింది. మొదటి వారం కిమ్చీ జాడీ తెరిస్తే కాత్యాయని, ఆవకాయ జాడీ తెరిస్తే ఆవిడ ముక్కు మూసుకున్నారు. నెల తిరిగేసరికి ఇద్దరూ జాడీలు మార్చుకున్నారు. ఇద్దరి మధ్యా నడిచేది ఇంగ్లీషే. ఆవిడ ఇంగ్లీషు ముప్ఫై ఏళ్ళు సింగపూర్ మార్కెట్లలో నలిగిన ఇంగ్లీషు. సినిమా ఊసు ఏనాడూ ఆవిడ నోట రాలేదు.

ఆ సాయంత్రం ఆవిడ ముల్లంగి తరుగుతుంటే కాత్యాయని అడిగేసింది.

“ఆంటీ, మీరు సినిమాల్లో వేశారా? మేం బాగుచేస్తున్న సినిమాలో హీరోయిన్ మున్ జంగోక్ మీరేనా?”

కత్తి ఆగింది. “ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. మా ఆఫీసు కంప్యూటర్లో మిమ్మల్ని చూశాను. ఆ సినిమా దర్శకుడు పే గారు వచ్చే నెల ఇక్కడికి వస్తున్నారు, సన్మానం చేస్తారట.”

“ఒక్కడేనా?”

“భార్య కూడా. సునే అని ఎవరో.”

జంగోక్ నవ్వింది. ఆ నవ్వు చూసి కాత్యాయనికి భయమేసింది. “సునే నా గొంతమ్మా. అప్పట్లో మా దగ్గర షూటింగులో శబ్దం పట్టేవాళ్ళు కాదు. బొమ్మ మాది, మాట ఇంకొకరిది. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాను, ముప్ఫై ఒక్క సినిమాలు చేశాను. అన్నిటిలోనూ అదే మాట్లాడింది. ఒకసారి రేడియోలో నేను మాట్లాడితే, ఎవరో మోసగత్తె జంగోక్‌నని చెప్పుకుంటోందని జనం ఉత్తరాలు రాశారు.”

కాత్యాయని అసలు సంగతి చెప్పింది. ఆఖరి రీలులో మాటలు పోయాయి. ఏం చెయ్యమంటారని పొద్దున సోల్‌కు ఫ్యాక్స్ పంపితే మధ్యాహ్నానికే పే గారి దగ్గర్నుంచి మూడు ముక్కల్లో జవాబు వచ్చింది: ‘నా భార్య గొంతు ముసలిదైపోయింది. మీ ఊళ్ళో ఉన్న ఏ కొరియా ఆడమనిషి చేతనైనా చెప్పించండి. ముఖ్యం బొమ్మే.’ దాంతోపాటు ఆ మాటలు రాసి ఉన్న స్క్రిప్టు కాగితం పంపాడు.

“ఏ ఆడమనిషైనా ఫర్వాలేదన్నాడా?” అంది జంగోక్. “అయితే నేను చెబుతాను. క్యాన్ లా” అని సింగపూర్ యాసలో ఒప్పేసుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో ఇద్దరే ఉన్నారు. జంగోక్ నీలం బ్లౌజు వేసుకుని, లిప్‌స్టిక్ రాసుకుని వచ్చింది. వినపడేది గొంతే అయినా సరే. కాత్యాయని మైకు సర్ది, కాగితం ముందు పెట్టి, బొమ్మ నడిపింది. జంగోక్ కాగితం చూసి చదివింది: వెళ్ళి రండి, ఎన్నేళ్ళయినా ఈ రేవులోనే మీ కోసం ఎదురుచూస్తాను.

కుదరలేదు. మళ్ళీ చేశారు. మళ్ళీ కుదరలేదు. నాలుగోసారికి కాత్యాయని బొమ్మ ఆపేసింది. డబ్బింగ్ థియేటర్లో నాలుగేళ్ళు ఆమె చేసిందల్లా జనం నోళ్ళు చూడటమే. పెదవులు ఎక్కడ మూసుకుంటాయో ఎక్కడ తెరుచుకుంటాయో ఆమె కళ్ళు వాటంతట అవే లెక్కేస్తాయి. కాగితం మీద మాటలు అయిపోయాక కూడా ఆ ముఖం చాలాసేపు మాట్లాడుతూనే ఉంది.

“ఆంటీ, మీ నోరు అక్కడ ఈ మాటలు అనలేదు. వేరే ఏదో అన్నారు.”

జంగోక్ ఆమెను ఎగాదిగా చూసింది. “ముప్ఫై అయిదేళ్ళలో నువ్వు మూడోదానివి. బధిరుల బడి నుంచి ఒక పంతులమ్మ ఉత్తరం రాసింది, మా పిల్లలు మీ పెదాలు చదివి ఏడ్చారమ్మా అని. సునే ఎటూ చూసే ఉంటుంది, ఆ ముక్కను వందసార్లు తిప్పి తిప్పి చూస్తే గానీ డబ్బింగ్ చెప్పలేరు కదా. చూసి, దాని మీద తియ్యటి మాటలు పూసింది.”

తర్వాత చెప్పింది. గొంతు పెంచకుండా, ముల్లంగి తరిగినంత మామూలుగా చెప్పింది. పే తనను పెళ్ళాడతానన్నాడు. కూతురు పుట్టింది, పేరు మిరన్. హీరోయిన్‌కు పెళ్ళి కాకుండా బిడ్డంటే సినిమాలు ఆడవని, పూసాన్‌లో జంగోక్ తల్లి దగ్గర దాచమన్నాడు. దాచింది. ఆ సినిమా ఆఖరి భాగం ఒక దీవిలో తీశారు. పాపకు జ్వరం, ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే రమ్మని తంతి వచ్చింది. పే దాన్ని జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులకు రెండో తంతి వచ్చింది. అన్నీ సిద్ధం చేసి, దీపాలు సర్ది, కెమెరా తిప్పే ముందు రెండు తంతులూ కలిపి ఆమె చేతిలో పెట్టాడు.

“‘ఇప్పుడు ఏడు’ అన్నాడు. అంతే. కొరియాలో ఇంత గొప్ప ఏడుపు ఎవరూ ఏడవలేదని ఇప్పటికీ రాస్తారు.”

కాత్యాయని కుర్చీ దగ్గరికి లాక్కుంది. “మీరేమన్నారు?”

“శబ్దం పట్టరని తెలుసు కదా. కెమెరా పక్కనే కూర్చున్నాడు. వాడి ముఖంలోకి చూసి అన్నాను. పే, మిరన్ పోయింది. రెండు రోజులు తంతి నీ జేబులో దాచావు. అది నీ బిడ్డ కూడా. నా ఏడుపు నీకు కావాలి కదూ, తీసుకో. బతికినన్నాళ్ళూ నీకు ఇదే మిగలాలి.”

“ఆయన విన్నాడా?”

“విన్నాడు. ‘కట్, చాలా బాగుంది’ అన్నాడు.”

జంగోక్ మైకు దగ్గరికి జరిగింది. “కాగితంలో ఉన్నదీ చెబుతాను, నోరు అన్నదీ చెబుతాను. రెండూ నీ దగ్గర ఉంటాయి. ఏది వేస్తావో నీ ఇష్టం. నీ పాస్ పోతుందని నాకూ తెలుసు. వెయ్యకపోతే నీ మీద కోపం పెట్టుకోను.”

రెండోది ఒక్కసారికే అతుక్కుంది. ఒక్క అక్షరం ముందూ వెనకా కాలేదు. తెర మీది ఇరవై ఏడేళ్ళ మనిషి అన్న మాటనే పక్కన కూర్చున్న అరవై రెండేళ్ళ మనిషి అంటోంది. గొంతు వయసు కాస్త తగ్గించమంటారా అని కాత్యాయని అడిగింది. “వద్దు. ఎన్నాళ్ళు ఆగానో వాడికి తెలియాలి” అంది జంగోక్.

వారం రోజులు కాత్యాయనికి అన్నం సహించలేదు. పాస్ పోతే తెనాలిలో అమ్మకు ఏం చెప్పాలి? కానీ మిరన్ అన్న పేరు తల్లోంచి పోయేది కాదు. నిజం చెప్పాలంటే కొంత ఆ పాప కోసం, కొంత సుధాకరరావు మీద కక్షతో, రెండోదే రీలుకు ఎక్కించింది. కింద ఇంగ్లీషు అక్షరాలు పాత కాగితం ప్రకారమే ఉంచింది: ఎన్నేళ్ళయినా మీ కోసం ఎదురుచూస్తాను.

సుధాకరరావు కూర్చుని ఆఖరి రీలు చూశాడు. ఆఫీసులో కొరియా భాష తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఆయన చూసిందల్లా పెదవులు.

“అబ్బ, సింక్ అదిరిపోయింది. పాత ప్రింటులో కూడా ఇంత పర్ఫెక్ట్‌గా ఉండుండదు. ఫైనల్ చేసెయ్” అని సంతకం పెట్టాడు.

ఫెస్టివల్ రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. సగం మంది ఊళ్ళో ఉన్న కొరియా వాళ్ళే. ముందు వరుసలో పే కూర్చున్నాడు, డెబ్భై ఆరేళ్ళు, తెల్లటి సూటు. పక్కన సునే. వెనక వరుసలో చివరి కుర్చీలో జంగోక్, ఆమె పక్కన కాత్యాయని. ఎవరూ ఆవిడను గుర్తుపట్టలేదు.

ఆఖరి రీలు వచ్చింది. రేవు, పడవ, ముఖం. ఆ ముసలి గొంతు హాలంతా పరుచుకుంది. మొదటి మాటకే ఎక్కడో ఒకావిడ ఊపిరి బిగబట్టడం వినపడింది. కొరియా వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మిగతావాళ్ళు కింద అక్షరాలు చదువుకుంటూ కళ్ళు తుడుచుకున్నారు. సునే రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పే కదల్లేదు. దీపాలు వెలిగాక చూస్తే ముఖాన నెత్తురు చుక్క లేదు.

ఫెస్టివల్ వాళ్ళమ్మాయి పరుగున, హాలు వెనక నిలబడ్డ సుధాకరరావు దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పింది. ఆయన బిక్కచచ్చిపోయాడు. టైటిల్ కార్డు మీద ఉన్నది ఆయన పేరే మరి. చుట్టూ చూసి, కాత్యాయని కనబడగానే వేలు చూపించాడు.

“నేను కాదండీ. నాకేం తెలీదు. సౌండ్ వర్కంతా మొదట్నుంచీ ఆ అమ్మాయిదే. మొత్తం ఆవిడే చేసింది.”

ఎనిమిది నెలల్లో మొదటిసారి నిజం చెప్పాడు మహానుభావుడు, అదీ పదిమందిలో. కాత్యాయనికి కడుపు చల్లబడింది.

“అవునండీ, నేనే చేశాను” అంది.

“రేపు ఆఫీసుకి రాకు. నీ పాస్ సంగతి నేను చూస్తా.”

“చూడండి” అంది.

ఈలోపు వేదిక మీద కార్యక్రమం ఆగలేదు. నడిపిస్తున్న కుర్రాడికి కొరియా భాష రాదు. పే గారిని పైకి పిలిచి, పక్కన అనువాదకురాలిని నిలబెట్టి, అందరూ అడిగే ప్రశ్నే నవ్వుతూ అడిగాడు: “ఆ చివరి కన్నీళ్ళు మీ నటి చేత ఎలా రాబట్టారు సార్?”

పే మైకు అందుకున్నాడు. హాలులోంచి ఒక యువతి లేచి కొరియా భాషలో ఏదో అడిగింది. కాత్యాయనికి అందులో ఒక్క మాటే అందింది. మిరన్.

అనువాదకురాలు తడబడుతూ ఇంగ్లీషులో చెప్పింది. “మిరన్ ఎవరు అని అడుగుతున్నారు.”

పే నేలచూపులు చూశాడు. “నాకు తెలియదు.”

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలోంచి సునే లేచింది. ఏడుస్తూ, తూలుతూ వేదిక ఎక్కి, మొగుడి చేతిలోంచి మైకు తీసుకుంది. “నేను చెబుతాను. నాకు అప్పటి నుంచీ తెలుసు. నేను...”

కాత్యాయని పక్కన కుర్చీ ఖాళీ అయింది. జంగోక్ నడవలోంచి తిన్నగా నడిచి వెళ్ళింది. ఎవరూ అడ్డం రాలేదు. వెళ్ళేకొద్దీ ఒక్కొక్కరే గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. వేదిక ఎక్కి సునే ముందు చెయ్యి చాచింది.

“ఇటివ్వు. ముప్ఫై ఒక్క సినిమాల్లో నా మాట నువ్వే మాట్లాడావు. దీనికి నువ్వు అక్కర్లేదు.”

అనువాదకురాలు ఇంగ్లీషులోకి మారుస్తూ ఏడుస్తోంది. సునే మైకు ఇచ్చి పక్కకు తప్పుకుంది. జంగోక్ హాలు వైపు తిరిగింది.

“మిరన్ నా కూతురు. ఈయన కూతురు. రెండేళ్ళ నాలుగు నెలలు బతికింది.” తర్వాత పే వైపు తిరిగి, మైకు ఆయన నోటి ముందు పెట్టింది. “ఆ ఏడుపు ఎలా రాబట్టావని ఈ అబ్బాయి అడుగుతున్నాడు. చెప్పు.”

పే నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. హాలులో ఎవరూ కూర్చోలేదు. జంగోక్ మైకు తియ్యలేదు.