కిటికీలు మూసి చేసిన ఎంపిక

లార్డ్స్‌లో మన జట్టు నలభై రెండు పరుగులకే కుప్పకూలిన 1974లో, తిరువూరు బస్టాండు ఎదుటి టీ కొట్టులో ఆ ఓటమికి కారణం తెలిసినవారు ఒక్కరే ఉన్నారు. తెలుసునని చెప్పినదీ ఆయనే. ఆయన సీతారామారావు గారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. దేవుణ్ణీ దెయ్యాన్నీ జాతకాన్నీ ఏమాత్రం పక్షపాతం లేకుండా సమానంగా నమ్మనివారు.

"ఐదు జోన్లు, జోనుకో సెలక్టరు," అనేవారు ఆయన, టీ గ్లాసు చల్లారిపోతున్నా లెక్కచేయకుండా. "ప్రతివాడూ తన జోను కుర్రాడి కోసం పట్టుబట్టడానికి వీలుంది. పట్టుబట్టారని నేననను, నా దగ్గర రుజువు లేదు. వీలుందని మాత్రం అంటాను. వీలున్నచోట మనిషిని నమ్మకూడదు, పద్ధతిని నమ్మాలి."

"అయితే బొంబాయి బస్సెక్కి ఆ ముక్క వాళ్ళకి చెప్పి రండి మాస్టారూ," అన్నాడు డ్రిల్లు మాస్టరు మరియదాసు.

బొంబాయి వెళ్ళనక్కరలేకుండా పని ఆయన్నే వెతుక్కుంటూ వచ్చింది. డిసెంబరులో నూజివీడు జట్టుతో మ్యాచి ఉంది. అంతకుముందు ఏడాది తిరువూరు జట్టును రైసుమిల్లు శౌరయ్య ఎంపిక చేశాడు. బంతులూ బ్యాట్లూ కొనిచ్చినవాడు కనుక ఎవరూ కాదనలేదు. జట్టులో ఆయన అల్లుళ్ళిద్దరూ ఆడారు. అందులో పెద్దాయన, కొత్త బూట్లు పాడవుతాయని బౌండరీకి పోతున్న బంతిని నిలబడి సాగనంపాడు. ఆ అవమానం మరువలేక క్లబ్బు కుర్రాళ్ళు ఈసారి సీతారామారావు గారిని సెలక్షన్ కమిటీకి పెద్దను చేశారు. మరియదాసు, శౌరయ్య సభ్యులు.

పదిమంది పేర్లు పోట్లాట లేకుండా తేలిపోయాయి. పదకొండో వాడు, అంటే ఇన్నింగ్సు మొదలుపెట్టవలసిన బ్యాట్స్‌మన్, ఎవరన్నదే మిగిలింది. ముగ్గురు పోటీకి వచ్చారు. ఒకడు లారీ టింకరింగ్ షెడ్డు నడిపే అబ్దుల్ సలాం కొడుకు అబ్దుల్లా. ఇంకొకడు వినగడప నుంచి సైకిలు మీద వచ్చే ఏసోబు. మూడోవాడు ఏడుకొండలు. ఇతను సీతారామారావు గారి చెల్లెలు సరోజినీదేవి ఏకైక కుమారుడు. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

చెల్లెలికి అన్నగారి మీద పాత కినుక ఉంది. ఆయన తన బడిలోనే, తన పెన్నుతోనే, మేనల్లుణ్ణి సైన్సులో రెండుసార్లు తప్పించారు. "లోకంలో అందరి అన్నయ్యలూ ఏదో ఒకటి చేస్తారు. మా అన్నయ్య న్యాయం చేస్తాడు," అని ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకునేది.

సీతారామారావు గారు ఒక పద్ధతి కనిపెట్టారు. తిరువూరులో టెస్టు క్రికెటర్ని కంటితో చూసినవాడు లేడు. అందరూ చెవులతో చూసినవారే. అలాగైతే ఎంపికా చెవులతోనే జరగాలి. ఆటగాళ్ళు చీట్లు తీసి నంబర్లు పంచుకుంటారు. సెలక్టర్లు ముగ్గురూ మిల్లు గదిలో కిటికీలు మూసుకుని కూర్చుంటారు. బయట మైదానంలో ఆటను హుమాయున్ మైకులో చెబుతాడు, పేర్లు లేకుండా, నంబర్లతో మాత్రమే. హుమాయున్ సినిమాహాలు ప్రచార బండి మీద ఊరంతా తిరుగుతూ మైకులో బొమ్మ గొప్పలు చెప్పేవాడు. మాస్టారి పాత శిష్యుడు. ఊళ్ళో అంతటి గొంతు మరొకటి లేదు.

ఆదివారం పొద్దున ఆట మొదలైంది. గదిలో ఉక్కపోతగా ఉంది. లౌడుస్పీకరు గరగరమంది.

"ఒకటో నంబరు కొట్టాడు. బంతి వెళ్ళింది," అన్నాడు హుమాయున్, బస్సు ఆలస్యమని ప్రకటిస్తున్నట్టు. "ఇంకో బంతి తెచ్చారు. మళ్ళీ కొట్టాడు. అదీ వెళ్ళింది. ఇంకో బంతి కోసం చూస్తున్నారు."

రెండో నంబరుకు అంతకంటే పొదుపుగా మాట్లాడాడు. మూడో నంబరు రాగానే అతని గొంతు పండగ చేసుకుంది.

"అదిగో వస్తున్నాడు మూడో నంబరు! ఏమా నడక, ఏమా ఠీవి! బౌలరు పరుగు తీశాడు... బ్యాటు ఎత్తాడు... బంతి గాలిలోకి లేచింది! ఆకాశమే హద్దుగా లేచింది! మైదానమంతా తలెత్తి చూస్తోంది! ఇలాంటి దృశ్యం ఈ ఊరు మునుపెన్నడైనా చూసిందా?"

మరియదాసు, శౌరయ్య ఒకరినొకరు చూసుకుని తలలాడించారు. సీతారామారావు గారు కళ్ళు మూసుకుని ఆ గాలిలోకి లేచిన బంతిని మనసులోనే అనుసరించారు. ముగ్గురూ ఏకగ్రీవంగా మూడో నంబరన్నారు.

బయటికి వచ్చి చీటీ విప్పి చూస్తే, ఏడుకొండలు.

మైదానంలో వెనక నుంచి ఎవరో అన్నారు: "ఇంక బొంబాయిని తిట్టకండి మాస్టారూ. మన మిల్లుగదే చాలు." నవ్వులు లేచాయి. అబ్దుల్లా మాత్రం నవ్వలేదు. బ్యాటు స్టంపుల పక్కన పెట్టి, చొక్కా భుజాన వేసుకుని షెడ్డు వైపు నడిచిపోయాడు.

సీతారామారావు గారు హుమాయున్ను బండి చాటుకు తీసుకువెళ్ళారు.

"ఏరా, నిజం చెప్పు. కొండలు ఎలా ఆడాడు?"

"నేను అబద్ధం ఒక్కటీ చెప్పలేదు మాస్టారూ. బంతి గాలిలోకి లేచిందన్నాను, లేచింది. ఎవరి చేతిలో పడిందో చెప్పలేదంతే."

"నేను నిన్నడిగానా?"

"మీరు అడుగుతారా, భలేవారే! మీ మేనల్లుడు కదాని నేనే చూసుకున్నాను. నాకు నాలుగు అక్షరాలు చెప్పినవారికి ఆ మాత్రం చేయలేనా?"

మాస్టారు వెనకే వచ్చిన మరియదాసు వైపు తిరిగారు. "మీకైనా అనుమానం రాలేదా?"

"అనుమానమెందుకండీ, హుమాయున్ గొంతెత్తగానే మీ వాడేనని తెలిసిపోయింది. మీ మనసులోనూ అదే ఉందేమోననుకుని శౌరయ్య గారూ నేనూ సరేనన్నాం."

సీతారామారావు గారికి అప్పుడు బోధపడింది. కిటికీలు మూసింది తన ఒక్కడి కళ్ళకే. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా పని ఎంతో శుభ్రంగా జరిగిపోయింది. తన పద్ధతిలో ఇన్ని తలుపులు తెరిచి ఉంటాయని ఆయన ఊహించలేదు.

ఇంటికి చేరేసరికి సరోజినీదేవి సున్నుండల డబ్బాతో కూర్చుని ఉంది. ఆవిడ ముఖంలో అలాంటి వెలుగు చూసి ఆయనకు చాలా ఏళ్ళయింది.

"అన్నయ్యా, ఇన్నాళ్ళకి మావాడి పేరు నీ నోటంట వచ్చింది. నేను అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, తిను."

ఆయన సున్నుండ చేతిలోకి తీసుకున్నారు. తినలేదు. "సరోజా, రేపు మళ్ళీ ఆడిస్తాను. ఈసారి కళ్ళారా చూస్తాను."

ఆవిడ అన్నగారి చేతిలోని ఉండను తీసి డబ్బాలో పెట్టి, మూత బిగించి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే సీతారామారావు గారు స్వయంగా షెడ్డుకు వెళ్ళి అబ్దుల్లాను పిలిచారు. "నిన్న తప్పు జరిగింది. రా," అన్నారు. వికెట్‌కు పది గజాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. హుమాయున్ను కుర్చీ పక్కనే నిలబెట్టుకున్నారు, నోరు మూసుకుని ఉండాలన్న షరతు మీద. అది అతనికి జ్వరం కంటే కష్టంగా కనిపించింది.

అబ్దుల్లా ముందుకు వచ్చి కొట్టిన మొదటి బంతి రోడ్డు దాటింది. నిన్న హుమాయున్ ఇంకో బంతి, ఇంకో బంతి అని ఎందుకన్నాడో మాస్టారికి అప్పుడు తెలిసింది. ఏసోబు వికెట్ కాచుకున్నాడు కానీ పరుగు తీయడం మరిచాడు. ఏడుకొండలు ఠీవిగానే వచ్చాడు, ఆ మేరకు హుమాయున్ నిజమే చెప్పాడు. కానీ బంతి దగ్గరికి రాగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అబ్దుల్లా ఆడతాడు," అన్నారు సీతారామారావు గారు అందరికీ వినబడేలా. "నిన్న నేను వినడంలో పొరబడ్డాను."

ఏడుకొండలు మెల్లగా దగ్గరికి వచ్చి, "మంచిపని చేశారు మామయ్యా. నాకా బౌలరంటే భయం. అమ్మకి మాత్రం చెప్పకండి," అన్నాడు.

ఆ పై ఆదివారం నూజివీడులో మొదటి బంతికే అబ్దుల్లా మిడిల్ స్టంపు ఎగిరిపోయింది. తిరువూరు ఓడిపోయింది.

సోమవారం బస్టాండులో సీతారామారావు గారికి రావలసిన స్వాగతమే వచ్చింది. "మేనల్లుణ్ణి పెట్టుకున్నా ఇంతకంటే తక్కువ కొట్టేవాడు కాదుగా మాస్టారూ!" "సున్నా కోసం రెండుసార్లు ఆడించాలా?" నిన్నటిదాకా పక్షపాతమని నవ్విన నోళ్ళే ఇప్పుడు పక్షపాతం చూపనందుకు నవ్వుతున్నాయి. బొంబాయి సెలక్టర్ల మీద ఆయనకు జీవితంలో మొదటిసారి కొంచెం జాలి కలిగింది. కొంచెమే.

"వచ్చే ఆదివారం ఆటకి ఎవరు మరి?" అన్నాడు మరియదాసు.

"అబ్దుల్లా."

"ఒక్క బంతికే ఔటైనవాడా?"

"వాడే. ఒక్క బంతి వాడి ఆటంతా కాదు. వాడి ఆట నేను చూశాను."

మళ్ళీ నవ్వులు లేచాయి. రెడ్డిగూడెం బస్సు కోసం నిలబడిన సరోజినీదేవి, వారం పైగా అన్నగారితో మాటలు మానేసిన మనిషి, చేతిసంచి కింద పెట్టి గుంపు వైపు తిరిగింది.

"ఎందుకయ్యా నవ్వుతారు? ఆ అబ్దుల్లాయే ఆడాలి. మావాడి ఆట నాకు తెలీదా? పెరట్లో ఇన్నేళ్ళు ఆడి సొరపాదునొక్కదాన్నే పడగొట్టాడు. అదీ కళ్ళు మూసుకుని!"

సీతారామారావు గారు చెల్లెలి దగ్గరికి రెండడుగులు వేశారు.

"సరోజా..."

"నీతో కాదు, వాళ్ళతో మాట్లాడాను," అంది ఆవిడ, సంచి తీసి అన్నగారి చేతిలో పెడుతూ. "బస్సొచ్చింది. ఎక్కి నాకు కిటికీ పక్కన సీటు పట్టు."