పూర్తి ప్రతిలో చూడండి

అయినా ఒక మనిషి అంత నెమ్మదిగా, అంత మర్యాదగా అబద్ధం చెప్పగలడా అంటే, అది అబద్ధమని తెలియకపోతే చెప్పగలడు. తెలియకపోవడానికి కారణం నేను. ఇక్కడిదాకా వచ్చేసరికి కోపం దారి మళ్ళి నా మీదికే తిరుగుతుంది. నేను దాన్ని పట్టుకుని మళ్ళీ వేదిక మీద ఉన్నాయన వైపు తోస్తాను. ఆయన మాట్లాడటం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే పని.

ఆయన ఒక పెద్ద బ్యాంకులో భద్రతాధికారి. డబ్బు లావాదేవీల భద్రత మీదా, క్రిప్టోగ్రఫీ అనే రహస్య సంకేతాల శాస్త్రం మీదా ఏటా జరిగే ఈ సదస్సుకు పరిశోధకులే ఎక్కువగా వస్తారు. బ్యాంకుల నుంచి వచ్చేది నలుగురైదుగురు, వాళ్ళను కొత్తల్లుళ్ళలా చూసుకుంటాం. మధ్యాహ్నం మొదటి సమావేశానికి నేను అధ్యక్షురాలిని. అంటే వేదిక పక్కన చిన్న బల్ల, ఒక మైకు, ‘ఐదు నిమిషాలు’, ‘ఒక్క నిమిషం’ అని రాసిన రెండు అట్టముక్కలు. ఏసీ చలికి ముందు వరసల వాళ్ళు కోట్లు బిగించుకుని కూర్చున్నారు. వెనక వరసల్లో భోజనం తాలూకు నిద్ర.

ఏడో స్లైడు మీద నా పేపరు కనిపించింది. ఆరేళ్ళ కిందటిది. మా రంగంలో రచయితల పేర్లు అక్షర క్రమంలో వేస్తారు, ఎవరి కష్టం ఎంతో బయటికి తెలియకుండా. మా గైడ్ పేరు ముందు, నా పేరు తర్వాత. కష్టం నాది.

“ఈ పేపర్లోని మూడో సిద్ధాంతం మాకు పెద్ద అండ,” అంటున్నాడాయన. “కార్డూ పిన్నూ రెండూ లేకుండా ఏటీఎం మిషన్లలో లావాదేవీ జరగదని గణితంలో నిరూపించేశారు. కాబట్టి ‘డబ్బు నేను తియ్యలేదండీ’ అని కస్టమర్ వస్తే మాకు రెండే దారులు. తనే తీసుండాలి, లేదా పిన్ తెలిసినవాళ్ళు ఇంట్లోనే ఉండాలి. ఇదివరకు ఒక్కో ఫిర్యాదు నెలలు నడిచేది. ఇప్పుడు మూడు రోజుల్లో మూసేస్తున్నాం.”

ఇంట్లోనే ఉండాలి. కొందరు తలలూపారు. ఒకాయన ఆ మాట రాసుకున్నాడు కూడా.

అలాంటి ఇల్లొకటి నాకు తెలుసు. అది మా అక్కది. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఫోన్ చేసింది. కార్డు తన బ్యాగులోనే ఉంది, ఖాతాలో మాత్రం ఏమీ మిగల్లేదు.

“పిన్ నొక్కే తీశారంటున్నారే బ్యాంకువాళ్ళు. అదెలా కుదురుతుంది?”

“పిన్ తెలియకుండా కుదరదక్కా.”

“నువ్వూ వాళ్ళ పాటే పాడతావేంటి?”

“పాట కాదు. నేనే నిరూపించాను. నీకు కాక ఇంకెవరికి తెలుసు ఆ పిన్?”

అక్క మామూలు గొంతుతోనే అంది: “మీ బావకి.”

బావ పెళ్ళికి ముందు పేకాట ఆడేవాడు. ఆ పాత సంగతి ఆ వారంలో కొత్తగా పుట్టింది. తను తియ్యలేదని బావ ఎంత గట్టిగా అంటే అక్క అనుమానం అంత గట్టిపడింది. ఇప్పుడాయన ఒక టైర్ల దుకాణం పైన గదిలో ఉంటున్నాడు. ఆదివారాలు కూతురు వెళ్ళి చూసి వస్తుంది. పోయిన నెల నేనూ వెళ్ళాను. మెట్లకు రబ్బరు వాసన. గదిలో మడత మంచం, ఒక్క కుర్చీ.

“రండి రండి, తాళాల డాక్టరమ్మ గారు,” అన్నాడు. నాకు డాక్టరేట్ వచ్చిన రోజు, ఇంటి తాళంచెవి పోగొట్టుకుని గుమ్మం ముందు నిలబడితే పెట్టిన పేరది. “ఇంతకీ మీ ఇంటి తాళంచెవి దొరికిందా?”

కుర్చీ నా వైపు జరిపి అన్నాడు: “మీ అక్క నా మాట నమ్మలేదని నాకు బాధ లేదు. పదిహేనేళ్ళ కాపురం తర్వాత మొగుడి మాట ఎవరు నమ్ముతారు? నీ మాట నమ్మింది. అక్కడ పోయాను నేను.”

చెప్పాలనే వెళ్ళాను. చెప్పలేదు. టీ తాగి మెట్లు దిగి వచ్చేశాను.

చెప్పాల్సింది ఇదీ. ఆరేళ్ళ కిందట ఆ పేపరుకు పన్నెండు పేజీలే హద్దు. మూడో సిద్ధాంతానికి నిరూపణ అందులో ఇమడలేదు. “రాశావా?” అని గైడ్ అడిగారు. “దారి తెలుస్తోంది సార్, రాయడమే మిగిలింది,” అన్నాను. “అయితే ‘పూర్తి ప్రతిలో చూడండి’ అని ఒక వాక్యం పడెయ్. తర్వాత తీరిగ్గా రాద్దువుగాని.” హద్దులో ఇమడని నిరూపణను తర్వాత పూర్తి ప్రతిగా విడిగా వేస్తామని మాటివ్వడం మా రంగంలో అందరూ చేసే పనే. పేపరు ఒప్పుకున్నారు, మెచ్చుకున్నారు, వందల మంది ఉటంకించారు. పూర్తి ప్రతి ఏదని ఒక్కరూ అడగలేదు. చివరికి అది ఉన్నట్టే నేనూ నమ్మడం మొదలుపెట్టాను. ఫోన్లో అక్కతో “నిరూపించాను” అన్నప్పుడు నా గొంతులో ఒక్క వెంట్రుకంత వణుకు కూడా లేదు.

రెండు నెలల కిందట ఒక పుస్తకం కోసం దాన్ని నిజంగా రాయడానికి కూర్చున్నాను. మూడో పేజీలో ఆగిపోయాను. లావాదేవీ జరిగిన ప్రతిసారీ మిషను కార్డును ఒక ప్రశ్న అడుగుతుంది, ఎవరూ ముందుగా ఊహించలేని ఒక అంకెతో. కార్డు దానికి జవాబిస్తుంది. ఊహించలేని అంకె అన్నదే మొత్తానికి పునాది. ఒక పాత మిషను కొని ల్యాబులో తెరిచి చూశాను. అంకె ప్రతిసారీ ఒకటి చొప్పున పెరుగుతోంది. ఒకటో తరగతి పిల్లలు కూడా ఊహించగలరు. రేపటి ప్రశ్న తెలిసిన దొంగ, ఇవాళ అక్క ఏదో దుకాణంలో వాడు మార్చిపెట్టిన మిషను మీద తన చేత్తో పిన్ నొక్కే నిమిషంలోనే రేపటి జవాబు కూడా కార్డు దగ్గర రాబట్టుకోగలడు. రేపు వాడికి కార్డూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. బ్యాంకు లెక్కల్లో మాత్రం పిన్ నొక్కినట్టే పడుతుంది.

ఇందాక భోజనాల దగ్గర గైడ్‌కి చెప్పాను. ఆయన ప్లేటు పక్కన పెట్టలేదు.

“సిద్ధాంతం తప్పు కాదమ్మా. అంకె ఊహించలేనిదైతే అన్నాం. వాళ్ళు పనికిరాని మిషన్లు కొంటే మన పూచీనా?”

“ఆ ‘అయితే’ పేపర్లో లేదు సార్. పూర్తి ప్రతిలో ఉంటుందన్నాం. పూర్తి ప్రతే లేదు.”

“మెల్లగా.” ఒకసారి చుట్టూ చూశారు. “ఆరేళ్ళలో ఎవరైనా అడిగారా?”

“లేదు.”

“మరి? ఆకలి లేనివాడికి వడ్డించడం దేనికి? వచ్చే ఏడు ఎక్కడో చిన్న సవరణ వేద్దాం. నీ ఉద్యోగం ఖాయం చేసే కమిటీ ఎప్పుడు?”

“వచ్చే నెల.”

“వాళ్ళకి చూపించడానికి నీకున్నది ఈ పేపరే. కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా? నా మాట విను తల్లీ.”

తల్లీ. ఆ పిలుపుకి ఒళ్ళు మండింది. ఆయన మీద మండటం ఎంత హాయిగా ఉందంటే, ఐదు నిమిషాల పాటు నేనే బాధితురాలినన్నంత ధీమాగా కూర్చున్నాను. కోపానికి ఈ సుఖం ఉంది. బయటివాడి మీద పెట్టుకున్నంతసేపు లోపల ఎవరూ తలుపు తట్టరు.

తట్టారు. “ఇంకెవరికి తెలుసు” అని అక్కని అడిగినప్పుడు బావ పేరు వస్తుందని నాకు తెలుసు. ఆ పిన్ వాళ్ళ పెళ్ళిరోజు తేదీ. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను అందరిలో ఆటపట్టిస్తూ, చివరికి తాళాల డాక్టరమ్మా అని పేరు పెట్టిన మనిషి. అక్క నోట ఆయన పేరు వినేముందు నాలో ఏదో చిన్నగా, తియ్యగా కదిలింది. చూశావా బావా, నా తాళం ఎంత గట్టిదో అన్నట్టు. దాన్ని అప్పుడే చూశాను. చూసి, శాస్త్రం అని పేరు పెట్టాను.

చప్పట్లు. బ్యాంకాయన ముగించాడు. నేను అట్టముక్కలు చూపించడమే మరిచిపోయాను, ఆయన తనంతట తనే సమయానికి ఆగాడు. బుద్ధిమంతుడు.

“ప్రశ్నలు?” అన్నాను.

నడవాలో నిలబెట్టిన మైకు దగ్గరికి ఎవరూ రాలేదు. ఇలాంటప్పుడు వక్త చిన్నబోకుండా అధ్యక్షుడే ఒక ప్రశ్న అడగడం మా ఆనవాయితీ. మెత్తటిది, జవాబు ముందే తెలిసినది. ‘ముందు ముందు ఏం చేయబోతున్నారు’ లాంటిది. ముందు వరసలో గైడ్ నా వైపు చూసి, వేలితో గడియారం తట్టి, టీ బల్లలున్న తలుపు వైపు తల ఊపారు.

మూడు రోజుల్లో మూసేస్తున్నాం అన్నాడు. మూడు రోజులు కూడా పట్టలేదు, నేను ఒక్క ఫోన్లో మూశాను. బావకి చెబితే బావకి తెలుస్తుంది. అక్కకి చెబితే, నువ్వే కదే అన్నావు అంటుంది. ఆ రెండిళ్ళూ కాక, ఈయన మూసిన ఇళ్ళన్నిటిలోనూ ఎవరో ఒకరు టైర్ల దుకాణం పైకి వెళ్ళి ఉంటారు. అవన్నీ తెరుచుకోవాలంటే ఈ హాల్లోనే చెప్పాలి.

“నాదొక ప్రశ్న,” అన్నాను. మైకు పని చెయ్యలేదు. నొక్కి పట్టుకుంటేనే పలికే రకం. బొత్తాం నొక్కాను. “మూడో సిద్ధాంతానికి నిరూపణ మీరు చదివారా?”

ఆయన నవ్వాడు. “పూర్తి ప్రతిలో ఉందని మీరే రాశారు కదా మేడమ్. నాకు పరీక్ష పెడుతున్నారా?”

హాలు కూడా నవ్వింది. గైడ్ నవ్వలేదు. కుర్చీలో ముందుకు వంగారు.

వేలి కింద బొత్తాం జారుతోంది. రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

“పూర్తి ప్రతి లేదండీ,” అన్నాను. “రాయాల్సింది నేను. రాయలేదు. ఆ సిద్ధాంతం తప్పు.”