సారమ్మకు అబద్ధం తట్టని రోజు

గురజాలలో సారమ్మకు అబద్ధాలాడటం అలవాటైపోయింది. పెద్దకొడుకు మరియదాసుకు పాతికేళ్ళు దాటినా మాటలు రాలేదు. చేతులాడిస్తూ మూలుగుతాడు, పంచె తడుపుకుంటాడు, చిరాకొస్తే తన చెయ్యి తానే కొరుక్కుంటాడు. చర్చిలో ఎవరైనా ఏమిటని అడిగితే పన్నునొప్పి అనేది సారమ్మ. ఆ పన్ను ఏళ్ళ తరబడి నొప్పి పెడుతూనే ఉంది.

కూతురు కృపామణి బడిపంతులమ్మ. ఎవరి మొహంలోకీ చూడదు. చెయ్యి తగిలితే ఉలిక్కిపడుతుంది. అన్నంలోకి పులుసు పారితే కంచం వదిలేసి లేస్తుంది. దీనికి సారమ్మ పెట్టిన పేరు సిగ్గు.

1961 వేసవిలో కృపామణిని పెళ్ళికి చూసుకోవడానికి క్రోసూరు నుంచి రాజారత్నమనే పంతులూ, అతని తల్లి ఫిలోమినా వచ్చారు. సారమ్మ మరియదాసుకు గిన్నెడు మరమరాలిచ్చి వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. అతిథులు కాఫీ గ్లాసులు అందుకున్నారో లేదో, లోపల మూలుగు మొదలైంది. పిల్లి అంది సారమ్మ. మూలుగు పెరిగింది. మేక ఈనుతోందంది.

"మనకు మేక లేదమ్మా," అంది కృపామణి గోడవైపు చూస్తూ.

తలుపు తెరుచుకుంది. మరియదాసు తడిపంచెతో తిన్నగా వచ్చి, ఫిలోమినా తలమీదికి వంగి వాసన చూడసాగాడు.

సారమ్మకు ఇంకో అబద్ధం తట్టలేదు. ఎందుకో ఒళ్ళు తేలికపడింది.

"వీడు నా పెద్దకొడుకు వదినా. మాటలు రావు. ఉచ్చ పోసుకుంటాడు, బ్యాండు వింటే కిందపడి పొర్లుతాడు, తలలు వాసన చూస్తాడు. పిల్లకీ కొన్ని పట్టింపులున్నయి. ఇష్టమైతే కాఫీ తాగండి, లేదంటే బస్సుకింకా టైముంది."

కృపామణి తనవి తానే చెప్పుకుంది. చెప్పకుండా ముట్టుకోకూడదు. పులుసు వేరే గిన్నెలో పెట్టాలి. రాజారత్నం పాఠం వింటున్న పిల్లాడిలా శ్రద్ధగా తలూపాడు.

ఫిలోమినా మాత్రం తల కదపలేదు. మరియదాసు ముక్కు ఇంకా ఆమె కొప్పులోనే ఉంది.

"ఆవదం రాసుకొచ్చా, చానా నచ్చినట్టుంది," అందామె. "ముందు పంచె మార్చు వదినా, తొడలు ఒరుసుకుపోతయి."

పెళ్ళి బ్యాండు లేకుండానే జరిగింది. చావింటికి వచ్చినట్టుందని క్రోసూరు చుట్టాలు గొణిగారు; వాళ్ళ విస్తళ్ళలో ఫిలోమినా ఇంకో గరిటెడు కూర వడ్డించింది. మరియదాసు చర్చిలో ముందు వరసన కూర్చుని ప్రార్థన పొడుగునా మూలిగాడు. పక్కనే సారమ్మ, పొడిపంచెలు అందరికీ కనబడేలా ఒళ్ళో పెట్టుకుని, కూతురి పెళ్ళి తాపీగా చూసింది.